గ్రీన్‌ల పని అయ్యాక

చలి వెనక్కి తగ్గిన దగ్గర్నుంచి ఆమె కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. పని ఎక్కువైంది కాబోలని అందరూ అనుకున్నారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ గోల్ఫ్ క్లబ్బులో గడ్డి బాధ్యత మొత్తం ఆమెది. వసంతం వస్తే సభ్యులకు ఆటవిడుపు, ఆమెకు ఊపిరాడని రోజులు. చలికాలమంతా ముడుచుకుని గోధుమరంగులో పడుకున్న గడ్డిని లేపాలి. ఎండుటాకులు ఊడ్పించాలి. వానలకు కూలిన ఇసుకగుంతల అంచులు సరిచేయించాలి. నెలల తరబడి ఖాళీగా ఉన్న గొట్టాల్లోకి మళ్లీ నీళ్లు వదలాలి. పైగా వచ్చే ఆదివారమే సభ్యుల మొదటి పోటీ.

పనివాళ్లు ఆమెను గడ్డక్క అంటారు. కొత్తగా చేరిన సభ్యుడొకాయన ఆ పేరు విని, గడ్డమున్న మనిషి కోసం యంత్రాల షెడ్డంతా వెతికాడట. ఆ సంగతి తలుచుకుని వాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు.

కానీ ఆమెను నిలవనీయనిది పని ఒక్కటే కాదు. క్లబ్బు యంత్రాలు చూసే మెకానిక్ ఆమెనొక మాట అడిగాడు.

అది చలికాలం చివర్లో. అతను షెడ్డులో గడ్డి కోసే యంత్రం కత్తులకు పదును పెడుతున్నాడు. పదును సరిపోయిందో లేదో చూడడానికి కాగితం ముక్క ఒకటి కత్తుల మధ్య పెట్టి, తిప్పకుండా ఆగిపోయాడు.

"మీరు కోప్పడనంటే ఒకటి అడుగుతాను. మనం పెళ్లి చేసుకుందామా?"

ఆమె చేతిలో విత్తనాల బస్తా ఉంది. దాన్ని కింద పెట్టడానికి కూడా తోచలేదు. "ముందు గ్రీన్‌ల పని కానివ్వండి. అప్పుడు చెప్తాను," అంది.

"అలాగే," అన్నాడు. కత్తులు తిప్పాడు. కాగితం చప్పుడు లేకుండా రెండైంది. ఆ తర్వాత అతను మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఎంత బాగుండేదో అని ఆమె చాలాసార్లు అనుకుంది. కనీసం కసురుకోవడానికైనా వీలుండేది.

ఆమె భర్త పోయి ఏళ్లు గడిచాయి. పిల్లలు లేరు. షెడ్డు వెనక రెండు గదుల ఇంట్లో ఆమె, అత్తగారు ఉంటున్నారు. కొడుకు పోయినప్పుడు అత్తగారిని కూతురు తనతో వచ్చేయమంది. ఆవిడ కదల్లేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఒక రేడియో. ఇలాంటి మాట అత్తగారితో ఎలా చెప్పడం? ఏ నోటితో చెప్పడం?

చెప్పలేక పనిలో పడింది. గ్రీన్ అంటే జెండా పాతిన గుంత చుట్టూ తివాచీలా కత్తిరించిన పచ్చిక. చలికాలం తొక్కిళ్లకు కింద మట్టి గట్టిపడి ఉంటుంది. యంత్రంతో దాని నిండా వేలెడు లోతున బెజ్జాలు పొడిపించి, సన్నటి ఇసుక జల్లించి, చీపుళ్లతో బెజ్జాల్లోకి తోయించింది. క్లబ్బు సెక్రటరీ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా, జల్లెడ చేసిపెట్టారు! పోటీ దగ్గర పడింది కదా!"

"వేళ్లకి గాలి అందాలి సార్. ఆదివారానికి పూడిపోతాయి."

"పూడకపోతే సభ్యులు నన్ను పూడ్చేస్తారు," అంటూ వెళ్లిపోయాడు.

బెజ్జాలు చెప్పినట్టే పూడాయి. గ్రీన్‌లు ముదురు పచ్చరంగు తిరిగాయి. పోటీకి ఇంకా రోజులుండగానే పని అయిపోయింది. కానీ అయిపోయిందని ఆమె ఒప్పుకోలేదు. ఊడ్చినచోటే మళ్లీ ఊడ్పించింది. నున్నగా ఉన్న ఇసుకగుంతను తవ్వించి మళ్లీ నున్నగా చేయించింది. జెండా గుంతలైతే రోజూ చోటు మార్పించింది.

"అక్కా," అన్నాడు గుంతలు తీసే పనివాడు, పార మీద గడ్డం ఆనించి. "పొద్దున ఈ గుంతని అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చాం. ఇప్పుడు ఇక్కడి నుంచి అక్కడికా?"

"అవును."

"మరి రేపు?"

"రేపటి సంగతి రేపు."

"గుంతకి చక్రాలు పెడితే పోలా?" అని గొణుక్కుంటూ తవ్వాడు.

శుక్రవారం సభ్యులే వచ్చి పనిచేసే రోజు. ఏటా పోటీకి ముందు అందరూ తలా ఒక బకెట్‌లో ఇసుక, విత్తనాలు కలిపి తెచ్చుకుని, బంతి కొట్టినప్పుడు పెళ్ల లేచిపోయిన చోట్లన్నీ పూడుస్తారు. అత్తగారికి ఆ రోజంటే మహా సరదా. కొంగు నడుముకి దోపి, చెట్ల కింద ఎండుటాకులు కర్రతో కెలుకుతూ, తప్పిపోయిన బంతులు ఏరుతుంది. అవన్నీ పిల్లల ప్రాక్టీసు కోసం కోచ్‌కిస్తుంది. ఆ సాయంత్రం బంతుల సంచీ భుజానేసుకుని వస్తూ, కోడలు ఒక గ్రీన్ అంచున మోకాళ్ల మీద కూర్చుని కత్తెరతో గడ్డి దిద్దడం చూసి ఆగింది.

"అది నిన్ననే చేశావుగా?"

"సరిగా కుదరలేదు అత్తయ్యా."

ఆవిడ కాసేపు చూసింది. "గడ్డి బాగానే కుదిరిందమ్మాయ్," అని వెళ్లిపోయింది.

ఆమె ఇంకొక పోచ కూడా కత్తిరించకుండా లేచింది. కత్తెర పెట్టడానికి షెడ్డుకి వెళ్లేసరికి మెకానిక్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మీతో ఒకటి చెప్పాలి."

"ఇంకా అవ్వలేదండీ. ఆఖరి గ్రీన్ పక్కన..."

"అది కాదు. నిన్న మీ అత్తగారు రేడియో బాగుచేయమని పిలిచారు. వెళ్లాను. దాని మూత తీయకముందే నా మూత తీసేశారు."

"అంటే?"

"'ఏంటబ్బాయ్, నీ ఉద్దేశం?' అన్నారు. నాకు అబద్ధం నోట రాలేదు. చెప్పేశాను."

ఆమె బల్ల పట్టుకుంది. "ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. టీ ఇచ్చారు. తాగేదాకా చూశారు. ఆ రేడియోకి అసలు ఏమీ కాలేదండీ, బ్రహ్మాండంగా మోగుతోంది."

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోలేదని ఆమెకి తెలుసు. తనకి తెలుసునని ఆవిడకీ తెలుసు. ఆమె కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్లీ మడతపెట్టింది. రెండుసార్లు మంచం దాకా వెళ్లి, నోరు తెరిచి, తిరిగి వచ్చేసింది.

శనివారం పొద్దున గొట్టాల్లోకి నీళ్లు వదిలారు. అన్నిచోట్లా చక్కగా చిమ్మాయి. ఆమె ఊపిరి పీల్చుకునేలోపు, క్లబ్బు భవనం ఎదుట, అందరి కళ్లూ పడే ఆఖరి గ్రీన్ పక్కన నేల ఉబ్బింది. చూస్తుండగానే మట్టి పగిలి నీళ్లు మనిషి ఎత్తున లేచాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకుంటూ ఆమె బురదలోకి దూకింది. మెకానిక్ పెద్ద పానా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ చేతులతో బురద తోడుతుండగా పనివాడొకడు వచ్చాడు.

"అక్కా, పెద్దమ్మగారు ఊరెళ్తున్నారా? బ్యాగు పట్టుకుని గేటు దాటారు."

ఆమె చేతులు ఆగిపోయాయి. నీళ్లు మొహానికి కొడుతున్నాయి. గ్రీన్ మీదికి బురద పాకుతోంది. ఇన్నేళ్లలో ఆమె ఏనాడూ పని మధ్యలో వదిలి వెళ్లింది లేదు.

"వెళ్లండి," అన్నాడు మెకానిక్, తలెత్తకుండానే. "దీని సంగతి నేను చూసుకుంటా."

దగ్గర్లో ఉన్నది ఇసుక బండి ఒక్కటే. ఎక్కి తోలింది. వెనక సగం ఇసుక నింపి ఉందేమో, గేటు ముందరి ఎత్తు మీద అది ముక్కుతూ మూలుగుతూ పాకింది. నడిస్తే ముందు చేరేలా ఉంది. చివరికి బండిని దారి మధ్యలోనే ఆపేసి, దూకి, పరుగెత్తింది.

అత్తగారు బస్సు ఆగే చోట బల్ల మీద కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర బ్యాగు, ఒళ్లో రేడియో.

"ఎక్కడికి అత్తయ్యా?"

"మా అమ్మాయింటికి."

"ఆవిడకి చెప్పారా?"

"వెళ్తే తెలుస్తుందిగా."

"నాకు చెప్పరా?"

"నువ్వు నాకు చెప్పావా?"

ఆమె బ్యాగు పక్కకి జరిపింది. పక్కన కూర్చోబోయి, బట్టల నిండా బురదని గుర్తొచ్చి నిలబడింది. "నేనింకా ఆయనకి ఏమీ చెప్పలేదు. మీరుండగా నేనెలా..."

"చూశావా? అదే! మీరుండగా! అందుకే వెళ్తున్నా. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, నన్నెక్కడ మోస్తావ్?"

"మీరు పిల్లేంటి?"

"పిల్లయితే నయం. దానికి మోకాళ్ల నొప్పులుండవు."

"మీరు వెళ్లారంటే నేనాయనకి కుదరదని చెప్పేస్తాను."

అత్తగారికి చర్రున కోపం వచ్చింది. "ఇదిగో, ఈ బెదిరింపులు నా దగ్గరొద్దు. నేనుంటే నా మూలాన కుదరదంటావ్. వెళ్తే నా మూలాన వద్దంటావ్. అంతా నా నెత్తిన రుద్దేసి నువ్వేం చేస్తావ్? ఆ గుంతలు అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చుంటావా? నీకిష్టమా, కాదా? ఆ ఒక్క మాట చెప్పు."

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆమె బురద కాళ్ల వంక చూసుకుంది.

"ఇష్టమే," అంది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"ఎక్కుతారా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఆగు నాయనా, ఇంటి మాట మాట్లాడుకుంటున్నాం."

"ఇంటి మాట ఇంట్లో మాట్లాడుకోవాలమ్మా," అని తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

ఇద్దరూ బస్సు వెళ్లినవైపే చూశారు. ఆమె ఇక బురద సంగతి మరిచిపోయి బల్ల మీద కూలబడింది.

"ఇష్టమైతే ఇన్నాళ్లూ ఈ తిప్పలేంటే?" అంది అత్తగారు, గొంతు తగ్గించి.

"భయం అత్తయ్యా. ఒకసారి అయింది. మళ్లీ అలా అయితే నేను తట్టుకోలేను."

"అప్పుడూ తట్టుకోలేననే అన్నావు. కర్మకాండ అవగానే తెల్లారి లేచి గడ్డి కోయడానికి వెళ్లిపోయావు. నాకు ఒళ్లు మండిపోయింది. దీనికి కన్నీళ్లే లేవా అనుకున్నా. కిటికీలోంచి చూస్తే, ఒకే చారని కోసిందే కోస్తున్నావు, కోసిందే కోస్తున్నావు. అప్పుడు తెలిసింది. మా అమ్మాయి రమ్మన్నా అందుకే వెళ్లలేదు." ఆవిడ రేడియో మీద దుమ్ము చీర చెంగుతో తుడిచింది. "అబద్ధం ఎందుకు చెప్పాలి, వాడి చోట ఇంకొకణ్ణి చూడాలంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. నాలుగు రోజులు ఏడుస్తాను. ఏడవనీ. నువ్వు దానికోసం ఆగకు."

ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు గానీ, "బురద," అంది.

తిరిగి వచ్చేసరికి దారి మధ్యలో ఇసుక బండి, దాని వెనక సెక్రటరీ కారు, కారులో హారను మీద చెయ్యి తీయకుండా సెక్రటరీ. అత్తగారు తొణకకుండా వెనక ఇసుక మీదికెక్కి, బ్యాగు పక్కన పెట్టుకుని కూర్చుంది. "తొందరైతే దిగి తొయ్యి బాబూ," అంది. ఆయన నిజంగానే దిగి తోశాడు.

ఆఖరి గ్రీన్ దగ్గర నీళ్లు ఆగిపోయాయి. మెకానిక్ గోతిలో మోకాళ్ల మీద కూర్చుని గొట్టానికి అతుకు బిగిస్తున్నాడు. కళ్లు తప్ప మనిషంతా మట్టే. ఆమె గోతి అంచున నిలబడింది. ఎన్నో మాటలు కూడబలుక్కుని వచ్చింది. ఒక్కటీ నోట రాలేదు.

"గ్రీన్‌ల పని అయిపోయిందండీ," అంది.

అతను చుట్టూ చూశాడు. "ఎక్కడయింది? ఈ బురద ఎత్తాలి, ఈ గొయ్యి పూడ్చాలి, పక్కనంతా..." అంటూ ఆగిపోయాడు. పానా చేతిలోంచి జారి నీళ్లలో పడింది. దాన్ని వెతుక్కుంటూ అతను చాలాసేపు తల పైకెత్తలేదు. ఎత్తేసరికి మొహం మీద మట్టి రెండు చారలుగా కరిగి ఉంది. "అలాగే," అన్నాడు, మొదట అన్నట్టే.

"అలాగేనట! ముందు మొహం కడుక్కుని ఇంటికి రా, మాట్లాడాలి," అంది అత్తగారు ఇసుక మీంచి.

ఆదివారం పోటీ జరిగింది. గోతి చుట్టూ తాడు కట్టారు. అయినా ఒకాయన బంతి సరిగ్గా అందులోనే పడింది. ఆయన ప్యాంటు మడిచి దిగుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. గ్రీన్‌లు ఈసారి భలే ఉన్నాయని సెక్రటరీ పదిమంది ముందూ అన్నాడు. ఆమెకి అది సగమే వినబడింది.

వేసవి రాకముందే రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లయింది. అత్తగారు సాక్షి సంతకం చేసింది. మర్నాడు కూతురింటికి వెళ్తానంది. ఈసారి ముందే ఫోను చేసి చెప్పింది.

"కోపమా అత్తయ్యా?" అని అడిగింది ఆమె.

"కాదే. ఏడుస్తానన్నానుగా, అక్కడైతే హాయిగా ఏడవచ్చు. వచ్చే నెల వస్తాను. నా గదిలో పానాలూ మేకులూ కనబడ్డాయో, మీ ఇద్దరి పనీ చెప్తా."

బస్సు ఎక్కించి రావడానికి మెకానిక్ వెళ్లాడు. బ్యాగు నేను మోస్తానంటే నేను మోస్తానని ఇద్దరూ వాదించుకుంటూ వెళ్లడం ఆమె గుమ్మంలోంచి చూసింది. తర్వాత లోపలికి వచ్చింది. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండడం ఆమెకి కొత్త. ఒక కుర్చీలో కూర్చుంది. బాగాలేదనిపించి రెండో దాంట్లోకి మారింది. లేచి టీకి నీళ్లు పెట్టింది. ఇద్దరికి పెట్టాలా, ముగ్గురికా అని చేతిలో గిన్నెతో కాసేపు తడబడింది. ఇద్దరికే పెట్టి, అవి మరిగేదాకా కూడా ఆగలేక, మళ్లీ వెళ్లి గుమ్మంలో నిలబడింది.