ముప్పై ఏడో పేజీ అడుగున

నేను ఒక పుస్తకాన్ని. నవ్వకండి. నలభై ఎనిమిది పేజీలు, రెండు పిన్నులు, పదకొండు భాషలు. మీ ఇళ్ళల్లో అట్టలేసి దాచుకునే పుస్తకాలు చాలానే ఉంటాయి, వాటిలో పదకొండు భాషల్లో ఒకేసారి అచ్చయినవి ఎన్నున్నాయో చెప్పండి చూద్దాం. నా అట్ట మీద మిక్సీ బొమ్మ, దాని పక్కన నవ్వుతూ ఒకావిడ ఉంటుంది. ఆవిడ జన్మలో చట్నీ రుబ్బిన మనిషిలా కనిపించదు, ఆ సంగతి నాకూ తెలుసు. నన్ను ‘వాడుక సూచనలు’ అంటారు. నాలో తెలుగు ముప్పై నాలుగో పేజీలో మొదలై ముప్పై ఏడో పేజీలో అయిపోతుంది.

అచ్చయింది శివకాశిలోనే అయినా, అంతకుముందు కంపెనీ ఆఫీసులో చిత్తుకాగితాల కట్టగా కొన్నాళ్ళు బతికాను. అక్కడ నా కోసం ముగ్గురు కొట్టుకున్నంత పని చేశారు. ఒకాయన లాయరు. ‘కంపెనీ బాధ్యత వహించదు’ అని రాయడం ఆయనకి మంచినీళ్ళు తాగినంత తేలిక, పేజీకి రెండుసార్లు రాసేవాడు. రెండో ఆయన అమ్మకాల మేనేజరు. ‘మా జార్లే వాడండి, మా విడిభాగాలే వేయించండి’ అన్నవి ఆయన వాక్యాలు. మూడో ఆయన మోటార్ల విభాగంలో ముసలి ఇంజనీరు, ఇంకో రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి. ఆయన రాసిందల్లా ఒక్క ముక్క: ‘ఎండు పసుపు కొమ్ములు వేయరాదు. మోటారు పాడవుతుంది.’

“మన మిక్సీకి చేతకాని పని మనమే చెప్పుకుంటామా సార్?” అన్నాడు మేనేజరు.

“కొనుక్కున్నవాళ్ళకి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాం?” అన్నాడు ముసలాయన. మూడు రోజులు పట్టు విడవలేదు. చివరికి రాజీ కుదిరింది. ఆ మాట ఉంటుంది, కానీ అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో. అలా అది నా ముప్పై ఏడో పేజీ అడుగుకి చేరింది. నాలో ఎన్ని మాటలున్నా నేను తలెత్తుకు తిరిగేది ఆ ఒక్క మాట చూసుకునే.

నా తోబుట్టువుల గతి చెప్తే మీకు జాలేస్తుంది. ఒకడు ఎవరింట్లోనో ఫ్రిజ్ కాలి కింద ఎత్తు కోసం ఇరుక్కున్నాడు. ఒకడి మీద పోపుల డబ్బా కూర్చుంది. చాలామంది అట్టపెట్టెలోంచి బయటికే రాకుండా థర్మాకోల్‌తోపాటు అటక ఎక్కేశారు. నా అదృష్టం చూడండి, నేను తెనాలి కొట్లోంచి దుగ్గిరాలకి, దమయంతి గారి చేతిలోకి వెళ్ళి పడ్డాను.

మిక్సీ కొన్నది కోడలు నీరజ. తెనాలిలో రక్తపరీక్షల ల్యాబులో చేరి, మొదటి జీతం అందుకుని, సరాసరి కొట్టుకెళ్ళి కొనుక్కొచ్చింది. పెట్టె విప్పి అందరూ మిక్సీ వైపు చూస్తుంటే, అత్తగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని నన్ను అందుకుంది. చెవి వెనకనుంచి పెన్సిలు తీసింది. నా గుండె ఝల్లుమంది. నన్ను చదివే మనిషి కూడా ఉందన్నమాట!

దమయంతి గారు తూనికలు, కొలతల శాఖలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యింది. ఇన్‌స్పెక్టర్ల వెంట సంత సంతా తిరిగి, త్రాసు పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించినవాళ్ళనీ, తూకపురాయి కింద సీసం గీకేసినవాళ్ళనీ పట్టించిన మనిషి. ఉద్యోగం అయిపోయినా చూపు మాత్రం రిటైరవలేదు. ఎవరు ఏ సలహా చెప్పినా, అందులో చెప్పినవాడికేంటి లాభం అని వెతుకుతుంది.

“షాంపూ సీసా మీద ఏం రాశాడో చూశావా? కడిగి, మళ్ళీ రుద్దుకోవాలంట. మొదటిసారి పోని మురికి రెండోసారి పోయిద్దా? సీసా తొందరగా అయిపోవాలని, అంతే,” అనేది నీరజతో. పప్పు ప్యాకెట్టు మీద ‘చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి’ అని చూస్తే ఇంకా మండేది. “మే నెలలో దుగ్గిరాలలో చల్లని చోటు యాడుందో వాడొచ్చి చూపించమను, పప్పుతోపాటు నేనూ పోయి కూర్చుంటా.” ఉప్పు ప్యాకెట్టు మీద గడువు తేదీ చూసిన రోజునైతే అన్నం కూడా సరిగ్గా తినలేదు. సృష్టి మొదలైనప్పటినుంచి సముద్రంలో ఉన్న ఉప్పు, సంచిలోకి ఎక్కిన రెండేళ్ళకే ముసలిదైపోతుందా అని ఆవిడ బాధ. కొడుకు శరత్ నవ్వేవాడు. నీరజ మాత్రం వినేది, ఒక్కోసారి తనే కొత్త ప్యాకెట్లు తెచ్చి ముందు పెట్టేది.

అలాంటి మనిషి చేతిలో నా పండగ చూడండి. ప్రతి వాక్యం పక్కనా పెన్సిలుతో తీర్పు రాసింది. ‘ఇంటి వాడకానికి మాత్రమే’ పక్కన ‘లాయరు.’ ‘మా జార్లు మాత్రమే వాడాలి’ పక్కన ‘అమ్ముకునేవాడు.’ ‘రెండు నిమిషాలకొకసారి ఆపాలి’ పక్కన ‘పని తెలిసినవాడు. సరే.’ ఆ ఆఫీసు గదిలో ఎవరు ఏ మాట అన్నారో పక్కనే కూర్చుని విన్నట్టు రాసుకుపోయింది. నాకు ఒళ్ళు పొంగిపోయింది. ఇక చివరిమాట, ముసలాయన మాట దగ్గరకి వచ్చి ఆగింది. రెండుసార్లు చదివింది.

“పసుపు వెయ్యకూడదంట!” అంది.

మీరు దుగ్గిరాల ఎప్పుడైనా వెళ్ళారో లేదో. ఆ ఊళ్ళో పసుపు పంట మాత్రమే కాదు, ఊరి పరువు కూడా. కోతల రోజుల్లో బజారు బజారంతా ఆ వాసనే. అలాంటి ఊరి మనిషికి, పసుపు వద్దనే వస్తువు ఇంట్లోకొచ్చి కూర్చుంటే ఎట్టా ఉంటుంది? అల్లుడొచ్చి మీ వంట తిననన్నట్టు ఉంటుంది. ఆవిడ పెన్సిలు గట్టిగా నొక్కి రాసింది: ‘పొడి ప్యాకెట్లు అమ్మేవాళ్ళూ వీళ్ళూ ఒకటే. మనం ఆడించుకుంటే వాళ్ళ ప్యాకెట్టు ఎవడు కొంటాడు?’

ముప్పై ఆరేళ్ళు మోటార్లతో బతికిన మనిషి మాటని అంత మాట అనేసింది. నాకు కోపం వచ్చింది. కానీ నాకు నోరుందా, చెప్పడానికి? అచ్చయిన మాట తప్ప ఇంకో మాట అనలేను.

నాలుగు నెలలు గడిచాయి. మాఘమాసం వెళ్ళాక కొత్త పసుపు ఇంటికొచ్చింది. ఒకరోజు కొడుకూ కోడలూ పనులకి వెళ్ళాక, ఆవిడ ఒక కొమ్ము తీసుకుని రోట్లో దంచి, రెండు చిన్న ముక్కలు జార్లో వేసింది. తిరిగింది. పొడి అయ్యింది. నా ఖాళీ జాగాలో తేదీ వేసి రాసింది: ‘రెండు ముక్కలు వేశాను. ఏమీ కాలేదు.’ ఆ పూట ఆవిడ మొహంలో ఉన్న సంతోషం చూడాలి, సీసం గీకేసిన రాయి దొరికినంత సంతోషం.

అక్కడితో ఆగితే బాగుండేది. వారం తర్వాత గుప్పెడు కొమ్ములు తీసుకుంది. దంచలేదు, అలాగే వేసింది. మిక్సీ ఒక్క అరుపు అరిచింది. లోపల బ్లేడు బిగుసుకుపోయింది, కాలిన వాసన గుప్పుమంది. ఆవిడ గబుక్కున ఆపేసింది. అలవాటు చూడండి, ఆ వాసన పోకముందే పెన్సిలు తీసి రాసింది: ‘గుప్పెడు వేశాను. మోటారు వాసన వచ్చింది.’ ఆ తర్వాత జారుని చింతపండేసి తోమింది. ఉత్త జారు పెట్టి ఓసారి తిప్పి చూసింది. తిరిగింది. ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం నీరజ కొబ్బరి చట్నీకి మిక్సీ వేసింది. అది ఒకసారి మూలిగి ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు.

“ఫోన్ మాట్లాడుతూ అట్టాగే వదిలేసుంటావు. ఎన్నిసార్లు చెప్పాను నీకు?” అన్నాడు శరత్.

నీరజ ఫోన్ మాట్లాడిన మాట నిజమే, అమ్మతో ఒక్క నిమిషం. “ఎక్కువసేపు తిప్పానేమో,” అంది మెల్లగా. తన మొదటి జీతం వస్తువు తన చేతుల్లోనే కాలిపోయిందని ఆ పిల్ల ఆ పూట ఇడ్లీ సగంలో వదిలేసింది. దమయంతి గారు కంచంలోకే చూస్తూ కూర్చుంది. నేను గూట్లోంచి చూస్తూనే ఉన్నాను. చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. చెప్పలేదు.

మర్నాడు శరత్ అన్నాడు, “ఇంకా వారంటీ ఉంది. తెనాలి సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళండి. ఆ పుస్తకం కూడా కావాలి, కార్డు దాని చివర్లోనే ఉంది.”

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆవిడ నన్ను తీసింది. ముప్పై ఏడో పేజీ తెరిచింది. రెండో చేతిలో రబ్బరు ఉంది. ‘గుప్పెడు వేశాను. మోటారు వాసన వచ్చింది.’ ఆ ముక్క మీద రబ్బరు రాసింది. ఒక్కొక్క అక్షరం నా ఒంటి మీదనుంచి పొట్టులా రాలిపోయింది. ‘రెండు ముక్కలు వేశాను. ఏమీ కాలేదు’ అన్నది మాత్రం ఉంచింది. నిజంలో సగం ఉంచి సగం తీసేస్తే అది ఏమవుతుందో, ఇరవై ఆరేళ్ళు తూకాలు చూసిన మనిషికి ఒకరు చెప్పాలా? నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ గురించే సిగ్గు, నాకోసం కాదు. నన్ను చదివిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.

తర్వాతి ఆదివారం అత్తాకోడళ్ళిద్దరూ మిక్సీని గోనెసంచిలో పెట్టుకుని ఆటో ఎక్కారు. నేను ఆవిడ చేతిసంచిలో ఉన్నాను. దారి పొడుగునా ఆవిడ నన్ను పైనుంచి నొక్కి పట్టుకునే ఉంది. పక్కన నీరజ, “నన్నేమైనా అడిగితే ఏం చెప్పాలత్తయ్యా? ఎక్కువసేపు తిప్పానంటే ఫ్రీగా చెయ్యరేమో,” అంది.

సర్వీసు సెంటర్లో జిలానీ అని, నెరిసిన గడ్డం మెకానిక్కు. మిక్సీని తిరగేసి నాలుగు స్క్రూలు విప్పాడు. కాలిన తీగ చుట్ట చూపించాడు. జారు తీసి బ్లేడు కింద గోరుతో గీరి, ఆ గోరు వైపు చూసుకున్నాడు. పచ్చగా ఉంది.

“పసుపేమైనా ఆడించారామ్మా?”

“లేదన్నా, కొబ్బరే,” అంది నీరజ. “నేనే కొంచెం ఎక్కువసేపు…”

“కూరల్లో పసుపు తగిలుంటదిలే,” అన్నాడు జిలానీ మెత్తగా. “వారంటీ ఉందిగా. కార్డు ఇయ్యండి, మోటారు మార్చేస్తా.”

అంతే. అక్కడితో అయిపోయేది. నన్ను ఇచ్చేసి, చివరి పేజీ మీద ముద్ర కొట్టించుకుని, మోటారు ఉచితంగా వేయించుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. ఫోను మాట్లాడుతూ మిక్సీ కాల్చిన కోడలిగా నీరజ మిగిలిపోతుంది. దమయంతి గారు నన్ను సంచిలోంచి తీసింది. బల్ల మీద పెట్టింది. కానీ చివరి పేజీ తెరవలేదు.

“నాయనా, ఆ పెన్ను ఒకసారి ఇట్టా ఇయ్యి,” అంది.

ముప్పై ఏడో పేజీ తీసి, రబ్బరు రాసిన చోట, వాళ్ళిద్దరూ చూస్తుండగా రాసింది. ‘గుప్పెడు వేశాను. మోటారు వాసన వచ్చింది.’ పాత తేదీ వేసింది. కింద సంతకం కూడా పెట్టింది. అప్పుడు నన్ను జిలానీ వైపు తిప్పింది.

“పిల్ల తప్పేం లేదు. నేనే వేశా. రాసింది నేనే, చెరిపిందీ నేనే.”

జిలానీ నన్ను రెండు చేతులతో అందుకుని, ముప్పై నాలుగో పేజీ నుంచి మొదలుపెట్టి ప్రతి పెన్సిలు ముక్కా చదివాడు. ‘లాయరు’ దగ్గర నవ్వాడు, ‘అమ్ముకునేవాడు’ దగ్గర ఇంకా నవ్వాడు. అడుగుకి వచ్చేసరికి నవ్వు ఆపేశాడు.

“పదకొండేళ్ళనుంచి ఈ బల్ల ముందు కూర్చుంటున్నా పెద్దమ్మా. ఈ పుస్తకం చదివిన మనిషిని ఇయ్యాలే చూడటం,” అన్నాడు. “కానీ ఇప్పుడు వారంటీ రాదు. మీరు చెప్పకపోతే వచ్చేది.”

“తెలుసు నాయనా. ఖర్చు నాది.”

నీరజ అత్తగారి వైపు తిరిగింది. “మూడు రోజులనుంచి నేనే అనుకుంటున్నానత్తయ్యా. నాకెందుకు చెప్పలేదు?”

“సిగ్గేసిందమ్మాయ్,” అంది దమయంతి గారు. “అందర్నీ అనుమానించినదాన్ని. నామీద నాకే అనుమానం రాలేదు, ఏం చెప్పను.”

నీరజ అత్తగారి చేతిసంచి అందుకుని తన భుజానికి తగిలించుకుంది. ఇంటికెళ్ళాక శరత్ ఎదుట దమయంతి గారు ఇంకోసారి చెప్పింది, వివరంగా, తేదీతో సహా. శరత్ నీరజ వైపు తిరిగి, “అనవసరంగా నోరు పారేసుకున్నా,” అన్నాడు.

ఇప్పుడు నేను గూట్లో లేను. నా మూలకి రంధ్రం చేసి, పురికొస కట్టి, వంటింట్లో మిక్సీ పక్కనే మేకుకి తగిలించారు. చుట్టుపక్కల వాళ్ళు తమ ఇళ్ళల్లోని నా తోబుట్టువులని ఫ్రిజ్ కాళ్ళ కిందనుంచీ అటకల మీదనుంచీ తీసుకొచ్చి, “ఇందులో నిజమేదో కాస్త చూసి పెట్టండి,” అని ఆవిడని అడుగుతున్నారు. ఆవిడ అనుమానాలేమీ తగ్గలేదు. మోటారుకీ జారుకీ మధ్య తిరిగే కొత్త కప్లర్‌తో వచ్చిన చీటీ మీద ‘ఆరు నెలలకొకసారి మార్చాలి’ అని ఉంటే, చెవి వెనకనుంచి పెన్సిలు రానే వచ్చింది. కాకపోతే ఈసారి తీర్పు రాసేముందు నీరజకి చూపించింది.

ఆ ముసలి ఇంజనీరు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. ఆయన మూడు రోజులు పోట్లాడి నిలబెట్టిన మాటని ఒకావిడ చదివిందనీ, నమ్మలేదనీ, తర్వాత దానికే తలవంచిందనీ ఆయనకి చెప్పేవాళ్ళు లేరు. కనిపిస్తే నేను నా ముప్పై ఏడో పేజీ తెరిచి చూపిస్తాను. అందులో అన్నీ పెన్సిలు రాతలే. అడుగున మాత్రం రెండు వాక్యాలు పెన్నుతో ఉంటాయి, కింద సంతకంతో.