చెయ్యి తిరిగిన రోజు

రోకలి పైకి లేచినప్పుడు చెయ్యి రోట్లోకి వెళ్ళాలి, రోకలి దిగేలోగా బయటికి రావాలి. ఉడికిన దుంపలను ఫూఫూ ముద్దగా దంచడమంటే ఇంతే. దంచేవాడు నిలబడి దంచుతాడు. తిప్పే మనిషి రోటి పక్కన పీట మీద కూర్చుని, చెయ్యి నీళ్ళలో ముంచి, రెండు పోట్ల నడుమ ముద్దను మడిచి తిప్పుతుంది. ఆ శుక్రవారం పొద్దున మూడో వాయి దంచుతూ ఉండగా బడూకి ఏదో తేడా తోచింది. రోకలి ఎత్తాక తను ఆగడం లేదు. ఆగాల్సిన పని రావడం లేదు.

ఏళ్ళ తరబడి అతను రోకలిని పైన ఒక్క ఊపిరి సేపు ఆపి దించేవాడు, ముద్ద తిప్పే పొకువా చెయ్యి బయటికి వచ్చేదాకా. ఇవాళ అతను పైకెత్తేసరికే ఆ చెయ్యి పని ముగించుకుని నీళ్ళగిన్నెలో ఉంటోంది.

"ఏంటక్కా, ఇవాళ చేతికి రెక్కలొచ్చాయా?"

"నాకు రెక్కలు రాలేదురా, నువ్వే ముసలాడివైపోయావు," అని పొకువా పకపకా నవ్వింది.

ఆ నవ్వు విని పొయ్యి దగ్గర పులుసు కలుపుతున్న పాక యజమానురాలు సెర్వమ్మ కూడా గరిటె ఆపి ఇటు చూసింది. పొకువా నవ్వు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. ఈ వాయికి జోకు వేస్తే పై వాయికి నవ్వేది. ఆ పూటకూటి పాకలో అదో వేడుక. లారీవాళ్ళు జోకు చెప్పి, తిని, చెయ్యి కడుక్కుని, "ఇంకా రాలేదా నవ్వు? సరే, వచ్చేవారం వచ్చి తీసుకుంటా," అని వెళ్ళేవారు. పొకువా ఏమీ అనుకునేది కాదు, లేదా అనుకున్నా ముఖంలో కనిపించేది కాదు.

ఆ ముఖాన్ని అలా చేసింది నెలసూది. బడూ ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఇంత లావు లేదు. ఎవరికీ వినపడని మాటలు ఆమెకు వినపడుతున్నాయని ప్రార్థనల శిబిరంలో నెలల తరబడి దుంగకు కట్టేసి, పస్తులుంచి దయ్యాన్ని వదిలిస్తామన్నారు. దయ్యం వదల్లేదు గాని ఒంట్లో కండ వదిలింది. పొకువా అక్క అచియా పోట్లాడి విడిపించుకొచ్చి కుమాసీ పట్నం ఆసుపత్రిలో చూపించింది. అప్పటినుంచి నెలకో సూది. మనిషి మనిషైంది. రాత్రుళ్ళు నిద్రపోయింది. అక్క మనవరాలిని ఒళ్ళోకి ఇచ్చే ధైర్యం ఇంట్లోవాళ్ళకు వచ్చింది. దానికి బదులుగా సూది తన వంతు తను పుచ్చుకుంది. ఒళ్ళు బరువెక్కింది. నోటి మూల నుంచి చొంగ కారేది, అందుకే భుజాన ఎప్పుడూ తువ్వాలు. నడిస్తే చేతులు ఊగేవి కావు, రెండు పక్కలా కట్టెల్లా వేలాడేవి. కూర్చుంటే మడమలు ఒకచోట నిలిచేవి కావు, పీట ముందు నేలను రుద్దుతూనే ఉండేవి. అక్కడ రెండు గుంటలు పడ్డాయి.

సెర్వమ్మ ఆమెను మొదట గిన్నెలు తోమడానికి పెట్టుకుంది, తర్వాత రోటి దగ్గర కూర్చోబెట్టింది. ఊరు ఊరుకుంటుందా? పిచ్చిదాని చెయ్యి పడ్డ ముద్ద మేం తినం అన్నారు. సెర్వమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"తినేవాళ్ళు కూచోండి, తిననివాళ్ళు లేవండి. దాని చెయ్యి మీ నోళ్ళకంటే శుభ్రం!"

ఏడాది తిరగకుండానే ఆ లేచినవాళ్ళే వచ్చి, "పొకువా తిప్పిన ముద్దేనా?" అని అడిగి మరీ కూర్చున్నారు. ఆమె తిప్పితే ఉండ కట్టేది కాదు, గొంతులో జారిపోయేది. ఒకప్పుడు జనం రాళ్ళు వేసి తరిమిన మనిషి చేతిముద్ద ఊరంతా తినడం చిన్న సంగతి కాదు. ఆ సంగతి పొకువాకు తెలుసు. వాయి అయ్యాక కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకునేది, ఎవరో అరువిచ్చిన వస్తువులాగా.

ఒకసారి బడూ అడిగాడు, "అక్కా, ఆ మాటలు ఇంకా వినిపిస్తాయా?"

చాలాసేపటికి చెప్పింది. "వాళ్ళు పోలేదురా. సూది పడితే గోడ అవతలికి పోతారు. గొణుగుడు వినిపిస్తది. మాట తెలీదు. మాట తెలీకపోతే చాలు, బతికేయొచ్చు."

ఆ మాట విన్నాడు గదా, గుర్తుపెట్టుకోవద్దా? వానలు వెనకబట్టాక ఒకరోజు పొకువా చేతులు మరీ మొద్దుబారి, అతను ఊపిరి సేపు ఆపినా చెయ్యి బయటికి రాలేదు. రోకలి వేళ్ళ మీద దిగింది. చూపుడువేలి గోరు నల్లబడిపోయింది. పొకువా కేక కూడా ఆలస్యంగానే వేసింది. బడూకి భయం కోపమై నోటికొచ్చింది.

"ఆ మాయదారి సూది నీ చేతిని తినేసిందక్కా! ఇంకెన్నాళ్ళు పొడిపించుకుంటావు? బానే ఉన్నావుగా!"

సాయంత్రం, పాక ఊడ్చే వేళకు ఆమె జవాబు వచ్చింది. "బానే ఉన్నది ఆ సూది వల్లేనేమోరా."

"ఆసుపత్రోళ్ళకేం, పొడిచి పంపిస్తారు. వచ్చి ఈ రోటి ముందు కూచుంటే తెలుస్తది."

అప్పటికి సెర్వమ్మ దంచే మిషన్ గురించి ఆరా తీస్తోంది. మిషనుకు తిప్పే మనిషి అక్కర్లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఆ తర్వాత సూది రోజు వచ్చింది. అచియా ఇచ్చిన లారీ ఛార్జీ పైటకొంగున ముడేసుకుని పొకువా కుమాసీకి పోకుండా తిన్నగా పాకకే వచ్చింది. వెళ్ళలేదా అంటే, "వచ్చే నెల పోతాలే," అంది. సంత రోజు కావడంతో బడూకి సంతోషమే వేసింది. మరుసటి నెల అతను అడగనే లేదు, ఆమె చెప్పనూ లేదు.

ఇవాళ్టికి చెయ్యి తిరిగొచ్చింది.

మధ్యాహ్నానికి పాక కిక్కిరిసింది. పెండలపు దుంపల లారీలు బారులు తీరాయి. వాయి మీద వాయి పడుతోంది. పొకువా భుజాన తువ్వాలు పొడిగా ఉంది. మడమలు నేల మీద కదలకుండా ఉన్నాయి. మధ్యలో చెప్పులు విడిచి పీట కిందికి నెట్టేసింది.

"ఇంకా తొందరగా దంచరా బడూ!"

దంచాడు. రోకలి లేస్తే చెయ్యి, దిగితే నీళ్ళు. అతని వయసు ఇరవై ఏళ్ళు వెనక్కి పోయినట్టయింది. తినేవాళ్ళు వేళ్ళు పులుసులోనే ఉంచి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఒక లారీ డ్రైవరు ఏదో హాస్యమాడబోయాడు, మాట పూర్తి కాకముందే పొకువా నవ్వేసింది.

"చూశావా బడూ, వాళ్ళు కూడా తాళం వేస్తున్నారు!"

"వెయ్యరా మరి! అసలు ఇలాంటి చెయ్యి ఈ దారిలో ఇంకెక్కడుందక్కా!" అన్నాడు బడూ. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో!

జనం పలచబడ్డాక అతను గోడకు చేరగిలబడి తింటున్నాడు. పొకువా చెయ్యి కడుక్కుని, గిన్నె బోర్లించి, తువ్వాలు మడిచి పీట మీద పెట్టి లేచింది. రోడ్డెక్కి, ఇంటివైపు కాకుండా ఎజురా ఊరి వైపు నడిచింది. పెద్ద పెద్ద అంగలు. చేతులు రెండూ చక్కగా ఊగుతున్నాయి, చిన్నపిల్ల బడికి పోతున్నట్టు. ఎంత బాగా నడుస్తోంది మా అక్క అనుకున్నాడు బడూ. కళ్ళు చెమర్చాయి కూడా. చెప్పులు మర్చిపోయిందని పిలుద్దామనుకున్నాడు. చేతిలో ముద్ద ఉంది, వస్తుందిలే అనుకున్నాడు.

పొద్దు వాలాక అచియా వెతుక్కుంటూ వచ్చింది. జరిగింది విని మొదట అడిగిన మాట ఇదే.

"నవ్విందా?"

"నవ్విందక్కా. శానా నవ్వింది."

"కాళ్ళు కదలకుండా కూచుందా?"

బడూ తలూపాడు. అచియా ఉన్నచోటే కూలబడిపోయింది.

"సూది మానిందిరా అది! ఒంట్లోంచి మందు దిగిపోతే ముందు బిగుసుకున్న ఒళ్ళు విడుస్తది. బాగైపోయిందనుకుంటాం. ఆ వెనకాలే వాళ్ళొస్తారు. రోజూ ఎదురుగా ఉండేవాడివి, నీకు తెలీకుండా ఉంటదా? ఒక్క మాట చెప్పకపోయావా నాతో?"

అప్పుడు తట్టింది బడూకి. తాళం ఎవరు వేశారు? ఆ వేళ పాకలో అందరి చేతులూ పులుసు గిన్నెల్లోనే ఉన్నాయి.

ఆ రాత్రి నుంచే లాంతర్లు పట్టుకుని వెతికారు. లారీవాళ్ళందరికీ చెప్పారు. సెర్వమ్మ రెండు రోజులు పాక మూసి రోడ్డు వెంట పల్లెపల్లెకూ తిరిగింది. వానలు మొదలయ్యాక కబురొచ్చింది. ఎజురా దాటాక వాగు పక్కన, మొక్కజొన్న చేలవాళ్ళు ఒక ఆడమనిషి శవాన్ని చూశారట. అచియాతో బడూ కూడా వెళ్ళాడు. ముఖం పోల్చుకునేలా లేదు. కుడిచేతి చూపుడువేలి గోరు కొసన నల్లటి మచ్చ ఇంకా మిగిలి ఉంది. దాన్నిబట్టి, ఈమే అని బడూయే చెప్పాడు.

సెర్వమ్మ మిషన్ కొనలేదు, ఆ ఊసే ఎత్తలేదు. తిప్పడానికి కొత్తమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, సొంత పీట, సొంత గిన్నె తెచ్చుకుంది. మొదటి వాయిలోనే తలెత్తి చూసింది.

"ఎందుకన్నా రోకలి పైన ఆపుతావు? నా చెయ్యి ఎప్పుడో తీసేశా. కానియ్!"

బడూ కానిద్దామనే చూశాడు. రోకలి పైకి లేచి, ఒక్క ఊపిరి సేపు ఆగి, అప్పుడే దిగింది. రేపటినుంచి ఆపనులే అన్నాడు. మర్నాడూ ఆపాడు.

రోటికి అవతల, రెండు గుంటల వెనక, పాత పీట కింద పొకువా చెప్పులు అలాగే ఉన్నాయి. వేళ్ళ దగ్గర రంగు కూడా పోలేదు, మడమల దగ్గర మాత్రం అరిగి అరిగి కింద నేల కనిపిస్తోంది.