నాలుగో తలుపు

మిట్టమధ్యాహ్నం. అద్దాలెక్కించిన కారు. నెత్తిమీద చిన్న దీపం.

ఎండలో ఆ దీపం కనపడదు. రెండు చేతులూ దాని చుట్టూ దోసిలిలా పట్టాలి. అప్పుడు వేళ్ల సందుల్లో కొంచెం ఎరుపు… అరచేతికి కొంచెం వెచ్చన. వెలుగుతోందని అలా తెలుస్తుంది.

చెమట కళ్లల్లోకి కారుతోంది. నాలుగు తలుపులూ వేసే ఉన్నాయి. తలుపులన్నీ వేస్తే దీపం ఆరిపోవాలి.

ఆరలేదు.

నేను చేతులు తీయలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాను. తీస్తే కిందికి దిగాలి. దిగితే ఎవరికో ఒకరికి చెప్పాలి.

సిగ్గేసింది. ఒంటరిగా కారులో కూర్చున్నవాడికి కూడా సిగ్గేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

నా పేరు ఆనంద్. మార్కాపురంలో పలకల గోడౌన్ పక్కన నా షాపు. కార్లకు కరెంటు పని చేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. హారన్ మోగకపోయినా, సెల్ఫ్ తిరగకపోయినా, లైటు వెలగకపోయినా — ఆనంద్ దగ్గరికి పో, అంటారు. పొదిలి నుంచి వస్తారు. గిద్దలూరు నుంచి వస్తారు. ఆ మాట చెవిన పడితే నాకు కడుపు నిండినట్టుంటుంది.

ఆ మాట పోకూడదని… ఒక మనిషిని పోనిచ్చాను.

నెల కిందట, ఒక సోమవారం. కొండలరావు వచ్చాడు. కొనకనమిట్ల అవతల పల్లెలో సేద్యం ఆయనది. కంది చేను, మేకల మంద, పద్దెనిమిదేళ్ల తెల్లకారు. ఇల్లు రెండుసార్లు మార్చి కట్టాడు గానీ కారు మార్చలేదు.

"బ్యాటరీ నిలబడటంల్యా ఆనందూ. శనివారం పొద్దున చూస్తే సచ్చి పడుంటాది."

వారం పేరు కూడా చెప్పాడు. నేను వినిపించుకోలేదు. పని తెలుసనుకునేవాడికి వినడం తగ్గిపోతుంది.

కారు లోపలి లైటు సంగతి చాలా చిన్నది. తలుపు చట్రంలో వేలి కొసంత పిన్ ఒకటి ఉంటుంది. తలుపు మూస్తే అది లోపలికి పోతుంది, లైటు ఆరుతుంది. తలుపు తీస్తే బయటికొస్తుంది, లైటు వెలుగుతుంది. అంతే. నాలుగు తలుపులకు నాలుగు పిన్నులు. చిన్న దీపమే. కానీ ఒక పగలూ ఒక రాత్రీ ఆరకుండా వెలిగితే పాత బ్యాటరీ దానికే అయిపోతుంది.

ఒక తలుపు చూశాను. బాగుంది.

రెండో తలుపు చూశాను. బాగుంది.

మూడో తలుపు చూశాను. బాగుంది.

నాలుగోది — ఎడమవైపు వెనక తలుపు. కారు గోడౌన్ గోడకు ఆనించి ఉంది. గోడకున్న స్తంభం సరిగ్గా ఆ తలుపుకు అడ్డం. తీయాలంటే బండిని నాలుగడుగులు ముందుకు జరపాలి.

నాలుగడుగులు.

ఎండగా ఉంది. ఆకలిగా ఉంది. ఇంకో బండి కాచుకుని ఉంది. ఇవన్నీ నిజమే. ఏ ఒక్కటీ కారణం కాదు.

"అన్నీ చూసినావా?" అన్నాడు కొండలరావు.

"చూసినా అన్నా. నాలుగూ చూసినా. వైరింగు శుభ్రంగా ఉంది," అన్నాను.

శనివారం పొద్దున్నే ఫోను. మళ్లీ చచ్చింది. చార్జి చేసిన బ్యాటరీ ఒకటి బండి మీద కట్టుకుని వాళ్ల ఊరు పోయాను.

వాకిట్లో కారు. ఇంటి గడపకు పచ్చగా పసుపు. నిన్న శుక్రవారం కదా. ఆ పసుపు తొక్కకుండా దాటి పోయాను. చూశాను, దాటాను. ఏమీ తోచలేదు.

కారు పక్కన కొండలరావు. కొంచెం ఎడంగా పిచ్చయ్య.

పిచ్చయ్య వాళ్ల మేకలు కాస్తాడు. అరవై దాటినవాడు. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంట్లోనే తిండి, ఆ వాకిట్లోనే మంచం. మేకలతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడు. అప్పుడే కొండ మీది నుంచి మందను తోలుకొచ్చి నిలబడ్డాడు.

"వైరింగు బాగుందంటివి గదా, మరి ఇదేంది?" అన్నాడు కొండలరావు. ఆయన గొంతులో కోపం కంటే అనుమానం ఎక్కువ. ఆ అనుమానం నా మీదికి వస్తోంది. ఇరవై రెండేళ్ల పేరు మీదికి వస్తోంది.

ఒక్క నిమిషం ఆగి, నాలుగో తలుపు చూడలేదన్నా అంటే సరిపోయేది.

"తలుపు ఎవురన్నా తీస్తా ఉండారేమో అన్నా," అన్నాను.

కొండలరావు పిచ్చయ్య వైపు తిరిగాడు. "మొన్నొక పొద్దు నువ్వు బండి తలుపు ఏస్తా ఉంటే నేను చూసినా. లోపల పండుకుంటా ఉండావా?"

పిచ్చయ్య నోరు తెరిచాడు.

ఆయన మాట బయటికి రాకముందే కొండలరావు తలుపు తీసి, కారులో తల పెట్టి, ముక్కుతో గట్టిగా పీల్చాడు.

"మేకల వాసన," అన్నాడు. "నువ్వు చూడు ఆనందూ."

నేను తల పెట్టాను.

రెగ్జిన్ సీటు వాసన. పెట్రోలు వాసన. ఎండిన పూలదండ వాసన. అంతే. మేకల వాసన లేదు. మళ్లీ పీల్చాను. లేదు. లేనే లేదు.

వాసన లేదంటే లోపం వైరింగులో ఉండాలి. వైరింగులో ఉంటే అది నేను చూడని తలుపులో ఉండాలి.

"వస్తా ఉందన్నా," అన్నాను.

పిచ్చయ్య నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. తెరిచిన నోరు మూసుకున్నాడు. తరువాత రెండడుగులు వెనక్కి జరిగాడు. కారుకు దూరంగా… మాకు దూరంగా.

మరుసటి రోజు ఆయన అక్కడ లేడు. అర్ధవీడు పక్కన అక్క కూతురు ఇంటికి పోయినాడని, చెప్పకుండానే పోయినాడని కొండలరావు ఫోనులో అన్నాడు. "తప్పు చేసినోడు గాబట్టే పోయినాడు," అన్నాడు.

ఊఁ, అన్నాను నేను. ఆ ఊఁ కూడా నాదే.

పిచ్చయ్య పోయాక కారు బాగుపడాలి కదా. పడలేదు. వరసగా మూడు శనివారాలు చచ్చింది. నాలుగోసారి ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి నా షాపు ముందు వదిలిపోయారు. ఆ రోజు గోడౌన్ ముందు కాలవ తవ్వుతున్నారు. గోడ పక్కన చోటు లేదు. కారును అటు తిప్పి, ఎడమవైపు రోడ్డుకు పెట్టారు.

నాలుగో తలుపు నా ఎదురుగా ఉంది. తప్పించుకోవడానికి ఏమీ లేదు.

తీశాను. చార్జి చేసిన బ్యాటరీ తగిలించి, తలుపు మామూలుగా వేశాను. లోపల కూర్చుని దీపం చుట్టూ చేతులు పట్టాను.

వెలుగుతోంది.

ఎంతసేపు కూర్చున్నానో. దిగి, స్క్రూ విప్పి, ఆ పిన్ను బయటికి లాగాను. దాని చుట్టూ, రబ్బరు తొడుగు కింద, గట్టిగా పచ్చటి పెంకు. గోటితో గీరితే రాలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

పసుపు.

ఈ వాసన మాత్రం నిజంగా వచ్చింది.

కొండలరావు తల్లి వీరమ్మ. ఎనభై దగ్గర పడ్డ మనిషి. మనుషులు ఎక్కి దిగే చోటు కూడా గడపే కదా అంటుందట; కొండలరావు తరువాత చెప్పాడు. ప్రతి శుక్రవారం ఇంటి గడపకు పసుపు పూసి, మిగిలిన పసుపు గిన్నెతో కారు దగ్గరికి వస్తుంది. ఇంటివైపుండే తలుపు తీస్తుంది. అదే, ఎడమవైపు వెనక తలుపు. కారు గడపకు పసుపు పూసి, బొట్టు పెట్టి, ముసలి చేతులతో మెల్లగా తలుపు చేరవేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పసుపు నీళ్లు చట్రం మీదికి చింది, పిన్ను చుట్టూ గడ్డకట్టాయి. గట్టిగా వేస్తే పిన్ను లోపలికి పోయేది. మెల్లగా వేస్తే సగంలో ఇరుక్కునేది. శుక్రవారం పొద్దున ఇరుక్కున్నది, శనివారం దాకా వెలిగేది.

నలుగురూ బాగుండాలని ముసలమ్మ పూసిన పసుపు. ఆమెదేం తప్పు? బ్యాటరీ చస్తే చస్తుంది. మనిషిని దోషిని చేసింది పసుపు కాదు.

కొండలరావుకు ఫోను చేసి రమ్మన్నాను. పచ్చటి పెంకులు కాగితంలో పెట్టి చూపించాను. నాలుగో తలుపు ఆ రోజు చూడలేదని చెప్పాను. వాసన సంగతి మాత్రం చెప్పలేదు.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. కాగితం మడిచి నా చేతికిచ్చాడు. ఆయన కూడా వాసన చూసినవాడే కదా.

"నాకు మొగం చెల్లదు ఆనందూ," అన్నాడు చివరికి. "బండి తీసకపో. నువ్వే పోయి పిలుచకరా."

కంభం దాటాను. కొండలు దగ్గరికొచ్చాయి. దారిపొడుగునా ఒకటే మాట నేర్చుకుంటూ పోయాను. వాసన రాలేదు మామా. వాసన రాలేదు. బడిపిల్లవాడు ఎక్కం నేర్చినట్టు.

ఊరి బయట, బీడులో, పది పదిహేను మేకలు. వాటి వెనక పిచ్చయ్య. ఆయనకు నేను కనపడలేదు, కారు కనపడింది. కారును చూసి కర్ర మీద బరువు మోపి నిలబడ్డాడు.

నేను దిగాను.

"బ్యాటరీ నిలబడతా ఉందా నాయనా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు నేర్చుకున్నదంతా పోయింది.

"బండిదే లోపం మామా," అన్నాను. "ఎనక తలుపు పిన్నులో పసుపు గడ్డకట్టినాది. నీ తప్పేం ల్యా."

"తెలుసు నాయనా."

"తెలుసా?"

"లైటు ఎలగతా కనపడేది. పోయి ఆ తలుపు తీసి గట్టిగా ఏసేవాణ్ణి. రెండు మాట్లు ఏస్తే ఆరిపోయేది. కొండ మీద మందకాడ పండుకున్న దినం మాత్రం చూసేవాళ్లు ల్యాక…" ఆగాడు. "వీరమ్మక్కకు చెప్పొద్దు. పూసేది మానేస్తాది."

ఆ కారును ఇన్నాళ్లూ కాపాడింది ఆయన. నేను కాదు. మీటరు లేదు, టెస్ట్ ల్యాంపు లేదు. లైటు వెలుగుతుంటే చూసి, లేచి పోయి, తలుపు గట్టిగా వేసి వచ్చాడు. అంతే. నేను చెయ్యని పని అంతే.

"మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు మామా?"

ఆయన మేకల వైపు చూశాడు. "చెప్పబోయినా. అంతలోకే నువ్వు వాసన వస్తా ఉందన్నావు. కారు పనికి పెద్దోడివి. వాసన కొట్టేవాడు ఇంక నోరెట్ల ఎత్తేది?"

చెప్పాలి. ఇప్పుడు కాకపోతే ఇక చెప్పలేను.

"రాలేదు మామా," అన్నాను. "ఏ వాసనా రాలేదు. నా తప్పు బయటపడతాదని అబద్ధం చెప్పినా."

చెప్పేశాను. చెప్పాక తేలికవుతుందనుకున్నాను.

పిచ్చయ్య నవ్వాడు. ఏడ్చే పిల్లవాణ్ణి ఊరుకోబెట్టేటప్పటి నవ్వు.

"ఊరకుండు నాయనా. వచ్చే ఉంటాదిలే. మేకల్లో పుట్టి మేకల్లో పెరిగినోణ్ణి. మనకు మన వాసన తెలవదు గదా."

"రాలేదు మామా. ఒట్టు."

"సర్లే," అన్నాడు. నమ్మలేదు. నా మీద జాలిపడ్డాడు.

నెల రోజులు ఆయన ఆ మాట మోశాడు. మోసి మోసి తనదే చేసుకున్నాడు. ఇప్పుడు నేను వెనక్కి అడిగినా ఇవ్వడు.

తిరిగి పనిలోకి వస్తాననలేదు. రాననలేదు. "వీరమ్మక్కను చూసి శానా దినాలైనాది. చూసొస్తా," అన్నాడు. మేకలను అక్క కూతురికి అప్పగించి, బోరు దగ్గరికి పోయాడు. కాళ్లు కడుక్కున్నాడు. చేతులు కడుక్కున్నాడు. మెడ, చెవుల వెనక, మోచేతుల దాకా. మళ్లీ చేతులు కడుక్కున్నాడు. పెళ్లికి పోయేవాడు కూడా అంతసేపు కడుక్కోడు. నేను కారు పక్కన నిలబడి నేల చూశాను.

ముందు తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన వెనక్కి పోయాడు. భుజం మీది తువ్వాలు దులిపి, సీటు మీద పరిచి, అంచులు సర్ది, దాని మీద కూర్చున్నాడు. వీపు ఆనించలేదు.

వెనక తలుపు నేనే వేశాను. గట్టిగా. లోపల లైటు ఆరింది. నా పని ఇప్పుడు తప్పు లేకుండా ఉంది.

బండి కదిలింది. వెనక నుంచి తడి గుడ్డ వాసన, సబ్బు వాసన.

"నాయనా," అన్నాడు మెల్లగా. "అద్దం దించు. నీకు ఇబ్బంది."

దించితే… అవునన్నట్టు.

దించకపోతే, ఈ దూరమంతా ఆయన ఊపిరి బిగబట్టుకుని, సీటు అంచున, తన ఒంటిని తనే పట్టుకుని కూర్చుంటాడు.

అద్దం హ్యాండిల్ మీద నా చెయ్యి ఉంది. కొండలు వెనకబడుతున్నాయి. ఆయన ఎదురుచూస్తున్నాడు —