రెండో సంపుటం

తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, వీధి గుమ్మం ముందు నీళ్ళు చల్లి ఉండాలి. మా కోకంద్ పేటలో కోడలు ఎలాంటిదో దాన్ని చూసే తేలుస్తారు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు, "పక్కింటి చీపురు చప్పుడు మనకి వినపడకూడదు, మస్తూరా. మనదే వాళ్ళకి వినపడాలి" అన్నారు. ఆమెను నేను అందరు కోడళ్ళలాగే అయా అని పిలుస్తాను. ఏడేళ్ళుగా ఆ చప్పుడు ముందు మా ఇంటి నుంచే వినపడుతోంది. కానీ ఊడుస్తున్నంతసేపూ నేను ఆ వాకిట్లో ఉండను. ముందురోజు చదివి ఆపిన పేజీలో ఉంటాను. ద్రాక్ష పందిరి కింద రాలిన ఆకులు ఒక మూలకి చేరుస్తూ, ఆ తర్వాత ఏమై ఉంటుందా అని ఆలోచిస్తూ ఉంటాను.

ఆదివారం సంతకి నన్నే పంపుతారు. ఉల్లిపాయలు, క్యారెట్లు కొన్నాక వెనక గోడ వైపు వెళ్తాను. అక్కడ నేలమీద దుప్పట్లు పరిచి పాత సామాన్లు అమ్ముతారు. టీ నీళ్ళు కాచే సమోవార్ల మూతలు, తాళంచెవులు పోయిన తాళాలు, ఊరొదిలి రష్యాకి వెళ్ళిపోయిన వాళ్ళ అద్దాల బీరువాల్లోంచి వచ్చిన పుస్తకాలు. తుర్సున్ అనే పెద్దాయన దుప్పటి మీద ఏ పుస్తకం తీసుకున్నా ఒక రొట్టె ధరే. చదివి తిరిగిస్తే సగం వెనక్కిస్తాడు. నేను ఉల్లిపాయలు కాస్త తక్కువ కొని ఒక పుస్తకం తెచ్చుకునేదాన్ని. ఒకసారి ఒక పుస్తకం అంచుల్లో ఎవరో పెన్సిల్‌తో 'అబద్ధం', 'ఇదీ అబద్ధమే' అని రాసుకుంటూ పోయారు. గిన్నెలు తోముతూ ఆ మనిషితో ఎన్ని రోజులు వాదించానో. ఈ ఇంట్లో నేను ఎవరితోనైనా వాదించానంటే ఆ పెన్సిల్ మనిషితోనే.

అయాకి ఆ పుస్తకాలు గిట్టవు. "చచ్చిపోయినవాళ్ళ పుస్తకాలమ్మా అవి. వాళ్ళ దిగుళ్ళన్నీ అట్టలకి అంటుకుని ఉంటాయి. నా ఇంట్లోకి తేకు" అనేవారు. రొట్టెల పొయ్యి రాజెయ్యడానికి మాత్రం వాటినే చింపేవారు. మా ఆయన అబ్రోర్‌కి కోపం రాదు. ఆయన ఫెర్గానాకి చిన్న వ్యాను నడుపుతారు, నవ్వుతూ మాట్లాడతారు, అందరికీ ఇష్టం. చుట్టాలు వచ్చినప్పుడు, "మా ఇంట్లో ప్రొఫెసర్ గారున్నారు. టీ మాత్రం కాస్త ఆలస్యంగా వస్తుంది" అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వి గిన్నెల్లో టీ పోస్తాను. ఉపాధ్యాయ శిక్షణ రెండో సంవత్సరంలో ఉండగా నాకు పెళ్ళి చేశారు. పెళ్ళయ్యాక పూర్తి చేసుకోవచ్చన్నారు. తర్వాత రానో పుట్టింది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేను కూడా.

ఈ వసంతంలో ఆ దుప్పటి మీద ఒక లావుపాటి నవల దొరికింది. ఒక చిన్న రైలు కూడలిలో తంతి పంపే పిల్ల కథ. చివరి పేజీలో ఆమె గది తాళంచెవి బల్లమీద పెట్టి, ఎటు వెళ్తుందో అడక్కుండా, వచ్చిన రైలు ఎక్కేస్తుంది. కింద 'మొదటి సంపుటం సమాప్తం' అని ఉంది. ఆ మాట చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. తుర్సున్ ఎన్నో వారాలు తన సంచులన్నీ వెతికాడు. చివరికి, "రెండోది నా దగ్గర లేదు కూతురా. గ్రంథాలయానికి వెళ్ళరాదూ? అక్కడ డబ్బు కూడా అడగరు" అన్నాడు.

గ్రంథాలయం రానో బడి దగ్గరే. రోజూ దాని ముందు నుంచే నడిచేదాన్ని. లోపలికి వెళ్ళాలని ఎందుకు తోచలేదో తెలియదు. పనిమీద తప్ప ఎక్కడికీ వెళ్ళని కాళ్ళు కదా, అలవాటు లేదు. లోపల అందరూ ఒపా, అంటే అక్క, అని పిలిచే ముహయ్యో అనే పెద్దావిడ నడుముకి శాలువా చుట్టుకుని కూర్చుని ఉంది. పుస్తకం పేరు చెప్పగానే లేచి వెళ్ళి వెతికి వచ్చింది. "ఉందమ్మా. పాస్‌పోర్టు పట్రా, ఇస్తాను."

ఇక్కడ ఎవరికైనా గుర్తింపు కాగితం పాస్‌పోర్టే, ఎక్కడ ఉంటున్నామో ఆ ముద్రా అందులోనే వేస్తారు. నాది అయా పెట్టెలో, నా పెళ్ళి కమ్మల పక్కన ఉంటుంది. అబ్రోర్‌ని అడిగితే నవ్వి, తల్లి గదిలోకి వెళ్ళి, టీ చల్లారేలోపు తెచ్చి ఇచ్చారు. నేను తెరిచి చూడలేదు. చూడాల్సిందేమైనా ఉంటుందని అనుకోలేదు.

మర్నాడు ఒపా పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. గోధుమరంగు అట్ట. దానిమీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆమె పాస్‌పోర్టు పేజీలు ఒకటొకటే తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పింది.

"నువ్వు ఇక్కడిదానివి కాదే. చిరునామా ముద్ర రిష్టాన్‌ది ఉంది."

"అది మా పుట్టిల్లు ఒపా. నేను ఇక్కడికొచ్చి ఏడేళ్ళయింది."

"ఇక్కడి ముద్ర లేదమ్మా."

"వేయించామని చెప్పారు."

ఆమె కళ్ళజోడు తీసి నావైపు చూసింది. గొంతు తగ్గించింది. "ఇల్లు ఎవరి పేరుమీద ఉంది?"

"మా అత్తగారి పేరుమీద."

"ఇంకెవరైనా కొడుకులున్నారా?"

"చిన్నవాడికి ఈ ఏడు పెళ్ళి చేస్తారు."

ఆమె తల ఊపింది. "నువ్వొక్కదానివే కాదులే. కోడలి పేరు ఎక్కిస్తే రేపు వాటా అడుగుతుందని భయం" అంటూ పుస్తకం నెమ్మదిగా తనవైపు లాక్కుంది. నా చెయ్యి ఇంకా దానిమీదే ఉందని అప్పుడు తెలిసింది. "ఇంటికివ్వడం కుదరదమ్మా, నా చేతుల్లో లేదు. ఇక్కడ కూర్చుని చదువుకుంటే ఎవరూ కాదనరు. ఐదింటిదాకా తెరిచే ఉంటుంది."

ఐదింటిదాకా. ఆ వేళకి నేను పిండి కలిపి, పొయ్యి రాజేసి, మేకకి గడ్డి వేసి, సాయంత్రం భోజనానికి కూరలు తరుగుతూ ఉంటాను.

భోజనాల దగ్గర అడిగాను. ముందు రొట్టె తుంచి అందరి ముందూ పెట్టాను. "అయా, నా చిరునామా ఇంకా రిష్టాన్‌లోనే ఉందట."

"ఉంటే? అన్నం పెట్టడం లేదా నీకు?"

"అది కాదు..."

"ఈ ఇంటి మనిషివి కాదని ఎవరన్నారు? ముద్ర వేయించుకుంటేనే కోడలా? ఎదురింటావిడ కోడల్ని నమ్మి ఎక్కించింది. రెండేళ్ళు తిరక్కుండానే విడాకులని వచ్చి సగం వాకిలి అడిగింది ఆ మహాతల్లి. ఇప్పుడు వాకిట్లో గోడ ఉంది, చూశావుగా. చిన్నాడి పెళ్ళి కానీ, చూద్దాం." అంటూ నా గిన్నెలో ఇంకో ముక్క మాంసం వేశారు. అది ప్రేమగానే వేశారు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. అరిచి ఉంటే ఏడవడానికి వీలుండేది.

మర్నాడు పొద్దున్నే అబ్రోర్ వ్యాను అద్దం తుడుస్తుంటే బయటికి వెళ్ళాను.

"మీకు ముందే తెలుసా?"

"ఏది?"

"ముద్ర సంగతి."

గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. "తెలుసు. అమ్మ బాధపడుతుందని... నీకేం లోటు చేశాం చెప్పు."

"మొదటి నుంచీ తెలుసా?"

"ఒక్క పుస్తకం కోసం ఇంత రాద్ధాంతమా మస్తూరా? ఆదివారం సంతలో కొనుక్కో, నేనే ఇస్తాను." జేబులోంచి నోటు తీసి నా చేతిలో పెట్టి, బండెక్కి వెళ్ళిపోయారు. చేతికి సబ్బు నురగ ఉంది, నోటు తడిసిపోయింది.

రిష్టాన్‌కి ఫోన్ చేశాను. మా అమ్మ తలుపు మూస్తున్న చప్పుడు వినపడింది. తర్వాత, "ఎవరితోనూ అనకు తల్లీ. నీ వదిన వింటుంది. ఇక్కడ నీ గదిలో వాళ్ళ పిల్లలు పడుకుంటున్నారు" అంది. అంటే ముద్ర ఉన్నచోట మంచం లేదు, మంచం ఉన్నచోట ముద్ర లేదు. ఫోన్ పెట్టేసి వాకిలి ఊడ్చాను. ఏం చెయ్యాలో తెలియనప్పుడు చీపురు పట్టుకోవడం నా చేతులకి వచ్చేసింది. ఈ ఇంట్లో నేను కలిపిన పిండి, ఉతికిన దుప్పట్లు, సున్నం వేసిన గోడలు అన్నీ తలుచుకున్నాను. వాటిలో ఏదీ నేను ఇక్కడ ఉన్నానని సాక్ష్యం చెప్పదు. పిండి తినేశారు, దుప్పట్లు మాసిపోయాయి, సున్నం మీద మళ్ళీ సున్నం వేశాను.

కొన్నాళ్ళు గ్రంథాలయం వైపు చూడకుండా అవతలి పక్కన నడిచాను. ఒక మధ్యాహ్నం బడి నుంచి తీసుకొస్తుంటే రానో చెయ్యి లాగింది. వాళ్ళ తరగతిలో ఎవరో గ్రంథాలయం నుంచి నక్కల బొమ్మల పుస్తకం తెచ్చుకుందట. దానికీ కావాలట. కాదనలేక లోపలికి వెళ్ళాను.

ఒపా నన్ను గుర్తుపట్టింది, కానీ ఆ సంగతి ఎత్తలేదు. "పాపకి ఇవ్వొచ్చు. తండ్రి చిరునామాయే బిడ్డది కదా. బడివాళ్ళ దగ్గర అంతా ఉంటుంది, నేను సరిచూసుకుంటాను" అని కార్డు తీసి, రానో వైపు వంగింది. "నీ పేరు చెప్పమ్మా బంగారూ."

రానో చెప్పింది.

"మీ ఇల్లెక్కడ?"

వీధి పేరు, ఇంటి నంబరు గడగడా అప్పజెప్పింది. బడిలో నేర్పించారు. ఒపా మెచ్చుకోలుగా నవ్వింది. ఆ నవ్వు చూసి, ఇంకా చెప్పాలనిపించిందో ఏమో, రానో నా చెయ్యి పట్టుకుని అంది: "అది నాది, నాన్నది, బామ్మది. అమ్మ ఇల్లు రిష్టాన్‌లో ఉంది. బామ్మ చెప్పింది."

ఒపా కలం ఆగింది. నేను పిల్ల జుట్టు సవరించాను. దాని తప్పేముంది? విన్నది చెప్పింది, అది కూడా గర్వంగా. నాకు ఏడుపు రాలేదు. బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"ఒపా, ఆ రెండో సంపుటం ఇస్తారా? ఇక్కడే చదువుతాను" అన్నాను.

కిటికీ పక్కన చోటు చూపించింది. రానో నా పక్కన కూర్చుని నక్కల బొమ్మల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. నేను మొదటి పేజీ తెరిచాను. అక్షరాలు కాసేపు అలుక్కుపోయి, తర్వాత నిలిచాయి. ఎంతసేపైందో, ఫోన్ మోగింది. అయా.

"ఎక్కడున్నావు? పిండి పొంగి పళ్ళెం దాటుతోంది."

"గ్రంథాలయంలో ఉన్నానయా."

"ఈ వేళప్పుడా? పొయ్యి ఎవరు రాజేస్తారు? వెంటనే రా."

లేవడానికి సగం లేచాను కూడా. కాళ్ళు అలవాటుగా గుమ్మం వైపు తిరిగాయి. మళ్ళీ కూర్చున్నాను.

"ఐదింటికి ఇక్కడ మూసేస్తారయా. అప్పుడొస్తాను."