బొజ్జ రాకెట్టు

వెల్డా డబ్బా విప్పి సామానంతా వంటింటి బల్ల మీద పరిచేసరికి వాళ్లన్నయ్య ఆర్విల్ కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు. డెబ్బై రెండేళ్లవాడు. కాన్సస్‌లో వాళ్ల ప్రాంతపు రాకెట్ల క్లబ్బుకు భద్రత చూసేది ఆయనే. ఆయన సరేననందే ఆ పచ్చికబయల్లోంచి అగ్గిపుల్ల కూడా పైకి లేవడానికి వీల్లేదు.

"ఇదేమిటే?" అన్నాడు డబ్బా మీద బొమ్మ చూసి. లావాటి పొట్ట, గుండ్రటి కిటికీలు, నేల మీద నిలబడడానికి నాలుగు పెద్ద రెక్కలు. వాళ్ల చిన్నప్పుడు చవక పత్రికల అట్టల మీద అంగారకుడికి వెళ్లే ఓడలు అచ్చం ఇలాగే ఉండేవి.

"రాకెట్టు."

"రాకెట్టంటే పెన్సిల్లా ఉండాలి. ఇది ఊరగాయ జాడీ. పైకి లేచి పల్టీ కొట్టి వచ్చి నా నెత్తిన పడుతుంది."

"నీ నెత్తిన పడితే దెబ్బ దానికేలే," అంది వెల్డా.

నలభై ఏళ్లు బడి వంటశాలలో ఐదొందల మందికి వండిన మనిషి ఆమె. ఒకరి మాటకు బెదిరే రకం కాదు. మూడు వారాలు కూర్చుంది. తేలిక చెక్క రెక్కల్ని గరుకు కాగితంతో రుద్ది రుద్ది గాజులా నునుపు చేసింది. అట్టగొట్టానికి జిగురు పెట్టి అతికించింది. వెండి రంగు వేసింది. ఒక కిటికీలోంచి తొంగిచూస్తూ బట్టతల, గుబురు మీసాలు ఉన్న మనిషి బొమ్మ గీసింది. ఆర్విల్‌కు బట్టతలా ఉంది, మీసాలూ ఉన్నాయి.

తర్వాత రాకెట్టు నడుముకు తాడు కట్టి, పెరట్లో నెత్తి చుట్టూ గిరగిరా తిప్పి చూసింది. ముక్కు ముందుకు పెట్టి ఎగరాల్సింది, తోక ముందుకు పెట్టుకుని తిరిగింది. అన్నయ్య చెప్పింది నిజమే! కానీ ఆ ముక్క ఆయనకు చెబుతుందా? ముక్కులో గుప్పెడు బంకమట్టి కూరింది. మళ్లీ తిప్పింది. నాలుగోసారికి ముక్కు దారికొచ్చింది గానీ పక్కింటివాళ్ల పిట్టల గూడు రెండు ముక్కలైంది.

మట్టి బరువుకు డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్ పారాచూట్ చాలదు. ఆ సంగతి వదిన ఓపల్ దగ్గర అంటే, ఆవిడ మర్నాడు సంచీ ఒకటి తెచ్చి తలుపు గడియ పెట్టి మరీ విప్పింది. అందులో నారింజరంగు శాటిన్ చొక్కా. వీపు మీద బెత్తెడేసి అక్షరాలతో "ఆర్విల్" అని కుట్టి ఉంది. బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే బౌలింగ్ ఆటలో ఆయన జట్టు రోజుల నాటిది. ఆయన దాన్ని పెళ్లిళ్లకూ వేసుకొచ్చేవాడు.

"తీగ మీద ఆరేస్తే గాలి ఎత్తుకుపోయిందని చెప్పాను," అంది ఓపల్. "కత్తిరించెయ్ తల్లీ. ఆ పేరు మాత్రం ముక్కలు ముక్కలు చేసి పారెయ్."

"అలాగే వదినా," అంది వెల్డా బుద్ధిమంతురాల్లా.

వదిన వీధి మలుపు తిరిగీ తిరగ్గానే కత్తెర అందుకుంది. పేరు సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా గుండ్రంగా కత్తిరించి, అక్షరాలు కిందికి చూసేలా తాళ్లు కుట్టింది.

శనివారం పొద్దున బయల్లో ముప్పై మంది దాకా చేరారు. ఆర్విల్ రాకెట్టును తూచాడు, రెక్కల్ని గుంజి చూశాడు. కిటికీలో మీసాలాయన్ని చూసి "ఎవడీ పీనుగు?" అన్నాడు. ఇక లోపలి పారాచూట్ చూద్దామని ముక్కు లాగబోయాడు.

"ఇదిగో ఆర్విల్!" ఓపల్ కుర్చీలోంచి కేకేసింది. "నీ బండి అద్దాన్ని ఆవు నాకేస్తోంది!"

ఆయన పరిగెత్తాడు. బండి దగ్గర ఆవూ లేదు, దూడా లేదు. తిరిగొచ్చేసరికి రాకెట్టు ఎగరేసే ఇనుప కడ్డీకెక్కి కూర్చుంది. వెనక జనం "కానీవయ్యా" అంటున్నారు. గొణుక్కుంటూ మైకు అందుకుని ఐదు నుంచి లెక్కపెట్టాడు. వెల్డా మీట నొక్కింది.

బుస్సుమంది. ఊరగాయ జాడీ గీత గీసినట్టు నిటారుగా ఆరొందల అడుగులు లేచింది. ఠప్పుమని ముక్కు ఊడింది. నీలాకాశం కింద నారింజరంగు గొడుగు విచ్చుకుంది.

"ఆర్... విల్," ఆర్విల్ మైకు దించడం మరిచిపోయి చదివాడు. బయలంతా వినపడింది.

జనం కడుపులు పట్టుకుని నవ్వారు. ఆయన నెమ్మదిగా పెళ్లాం వైపు తిరిగాడు. "గాలి ఎత్తుకుపోయిందన్నావే?"

ఓపల్ మొహం కందగడ్డయింది. కానీ తడుముకోలేదు. "ఎత్తుకుపోతోందిగా, చూడు మరి!"

ఆర్విల్ మైకు గడ్డిలో పడేసి, కుంటి మోకాలితోనే దాని వెంట పడ్డాడు. వెల్డా నవ్వు ఆగిపోయింది. తనూ పరిగెత్తింది. కంచె దగ్గర అందుకునేసరికి ఆయన ఆ గుడ్డను ఒళ్లో పరుచుకుని కూర్చున్నాడు.

"ఇది వేసుకున్న ఏడే మేము జిల్లా కప్పు గెలిచాం," అన్నాడు.

"తెలుసన్నయ్యా," అంది వెల్డా. "తప్పయింది. ఆటలో పడి ఆలోచించలేదు."

ఆయన కుట్లు తడిమి చూశాడు. తాళ్లు లాగి చూశాడు.

"మట్టి ఎంత పెట్టావు?"

"గుప్పెడు."

"మొదట తోకే ముందుకొచ్చిందిగా?"

వెల్డా నేలచూపులు చూసింది. "వచ్చింది."

"అదీ మాట!" మీసాల కింద నవ్వు మెరిసింది. "లే. మందు ఎక్కువ కూరిన పెద్ద మోటారు పెడదాం. దీనికి వెయ్యడుగులు లెక్క కాదు."

"భద్రతో?"

"భద్రతంటే నేనేగా. సరేనన్నాను."

రెండోసారి అది చుక్కంతయి కనుమరుగై, చెరువు అవతల గట్టినేల మీద దిగింది. ఒక రెక్క విరిగింది. విరిగిన చెక్కముక్క గోరంత. అన్నాచెల్లెళ్లు మోకాళ్ల మీద పాకుతూ గడ్డి దువ్వుతున్నారు.

"జిగురు నేను పెడతాను," అన్నాడు ఆర్విల్.

"నీ చేతులు వణుకుతాయి. నేనే పెడతా."

ఓపల్ కుర్చీ మడిచి బండిలో వేసుకుంది. "నేను ఇంటికి పోతున్నా," అని అరిచింది.

"ఐదు నిమిషాలు!" తలెత్తకుండానే ఇద్దరూ ఒక్కసారే అన్నారు.