బండి కింద నవ్వు

బ్రైడీ చేతి తొడుగులు కుట్టడానికి కూర్చున్నాను. ఉన్నివి, పోయిన చలికాలం నేనే అల్లాను. కుడిచేతి దానికి బొటనవేలు లోపలివైపు అరిగి చిల్లు పడింది. ఎడమచేతిది కొత్తదానిలాగే ఉంది. బండి వెనక కూర్చుని వెళ్ళి, దిగి గేట్లు తీసి వేసే పిల్లకి అరచేతులు అరగాలి. బొటనవేలు ఒక్కటే అరిగిందంటే ఆ వేలు రోజూ దేన్నో నొక్కిపట్టి ఉంచుతోందన్నమాట. మా కొండల్లో గొర్రెల వెంట తిరిగే నాలుగు చక్రాల క్వాడ్ బైకుకి రేజు ఇచ్చే మీట కుడి బొటనవేలి కిందే ఉంటుంది. సూది అక్కడే గుచ్చి ఆపేశాను. నా కూతురు వెనక కూర్చోవడం లేదు. తోలుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల, ఆ బండి బరువులో పదో వంతు ఉండదు.

ఎవరు నేర్పారో అడగక్కర్లేదు. రోనా నా మొగుడికి చెల్లెలు. కాపురం వదిలేసుకుని ఒక సంచీతో, ఒక కుక్కతో చలికాలం చివర్లో పుట్టింటికి వచ్చింది. గొర్రెలు ఈనే కాలం మొదలైంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. పని చేసే చేతులు కావాలి. వచ్చిన మర్నాడే బండెక్కి కొండ దాటి వెళ్ళిపోయింది. చీకటి పడే వేళకి చంకలో రెండు గొర్రెపిల్లలతో దిగింది. అత్తగారు, "రోనా ఉంటేనే ఈ కొంపకి కళ," అన్నారు. నేను ఈ కొంపలో పన్నెండేళ్ళుగా ఉన్నాను. పొద్దున బడి ఆఫీసులో గుమాస్తా పని, వచ్చి వంట, తల్లి లేని గొర్రెపిల్లలకి సీసా పాలు, ఐదుగురి బురద బట్టలు. అవి చేసినందుకు కళ వచ్చిందని ఎవరూ అనలేదు. రోనా తిన్న పళ్ళెం ఎత్తదు. బయట పనిచేసి వచ్చింది మరి. బూట్లు గడపలో విడిచి, కాళ్ళు పొయ్యి వైపు చాపుకుని కూర్చుంటుంది. బ్రైడీ కూడా ఇప్పుడు కాళ్ళు అలాగే చాపుతోంది. జుట్టు రోనాలా కత్తిరించమంది, కత్తిరించాను. నా చేత్తోనే. కింద పడ్డ జుట్టు ఊడుస్తుంటే, ఈ పిల్లని నా దగ్గర్నుంచి నేనే కోసి ఆవిడకి ఇస్తున్నట్టనిపించింది. పొద్దుట్నుంచి పడుకునేదాకా "రోనా అత్త అంది", "రోనా అత్త చూపించింది". నేను చెప్పేవి మాత్రం మాటలు కావు, సణుగుడు. హెల్మెట్ పెట్టుకో. మెడ కప్పుకో. వెనక కూర్చోకు. బండి మీద పోతున్న పిల్ల వీపుకి ఇవన్నీ గాలి లాంటివి. హెల్మెట్ నేను పట్నం వెళ్ళి కొనుక్కొచ్చాను. అత్తగారు అందులో బట్టల క్లిప్పులు వేసుకున్నారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగాను. "బ్రైడీ బండి తోలుతోందా?"

బంగాళాదుంప గుచ్చిన బ్రైడీ ఫోర్కు గాల్లో ఆగింది.

"తోలితే ఏం?" అన్నాడు డూగల్, నా మొగుడు. "భేషుగ్గా తోలుతోంది. నాకు ఈ నెల ఇంకో మనిషి దొరికినట్టైంది."

"పదహారేళ్ళు నిండకుండా తోలకూడదని బండి మీదే అంటించి ఉంది కదా."

"వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదని కూడా ఉంది. ఆ లెక్కన మా కుక్కలు కూడా నడిచి రావాలి."

అందరూ నవ్వారు.

"బరువుండాలి డూగల్. వాలులో మీరంతా ఒళ్ళు ఎగువ వైపుకి వంచి బండిని నిలుపుకుంటారు. ఇది వంగినా బండికి తెలియను కూడా తెలియదు. దాని సైజుది చిన్న బండి కొని, ఇంటి ముందు చదునులో మనం పక్కనుండి నేర్పుదామని రెండేళ్ళుగా అంటున్నాను."

"బొమ్మ బండితో గొర్రెల్ని తోలుతుందా? అయినా నువ్వెప్పుడు తోలావమ్మా, వాలు సంగతి చెప్పడానికి?"

తోలలేదు. పెళ్ళైన కొత్తల్లో అతని వెనక కూర్చుని, నడుం పట్టుకుని, గేటు రాగానే దిగి తీసేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు మానేశాను. తర్వాత ఆ చోటు కుక్కది అయింది. తర్వాత నా కూతురిది.

"మా పిల్లలంతా అలాగే పెరిగారు అమ్మాయ్," అన్నారు అత్తగారు. "ఇదిగో, ఈ రోనా. బ్రైడీ కన్నా ఒక్క ఏడాది పెద్దదేమో. టర్నిప్ చేలో బండి తిరగబడి దాని కింద పడింది. వాళ్ళ నాన్న వెతుక్కుంటూ పోతే బురదలోంచి తల ఒక్కటే కనబడుతోందిట. ఇదేమందో తెలుసా?"

తెలుసు. ప్రతి క్రిస్మస్‌కీ వింటాం. బ్రైడీ కుర్చీలోంచి లేచి మరీ అందుకుంది. "'నాన్నా, గొర్రెపిల్లకి ఏమీ కాలేదు, నా చంకలో ఉంది!'"

బల్ల అదిరేలా నవ్వారు. అందరికన్నా గట్టిగా రోనా నవ్వింది.

నేను నవ్వలేదు. డూగల్ నా వైపు చూసి కత్తి కింద పెట్టాడు. "అసలు సంగతి బండి కాదులే. కుళ్ళు. పిల్ల దాని వెనక తిరుగుతోందని నీకు మండుతోంది. అది చెప్పుకోలేక స్టిక్కర్లు చదువుతున్నావు."

కాదు అనడానికి నోరు తెరిచాను. కానీ అతనన్నది నిజం. బ్రైడీ నన్నే చూస్తోంది, దొంగని చూసినట్టు. లేచి పళ్ళేలు ఎత్తాను.

తర్వాత చాలా రోజులు నోరెత్తలేదు. అంట్లు తోముతూ, పాల సీసాలు కడుగుతూ, బడిలో హాజరు పట్టీలు రాస్తూ అదే ఆలోచన. నా భయంలోంచి కుళ్ళు తీసేస్తే ఎంత మిగులుతుంది? పాలల్లో కలిసిన నీళ్ళలాగా ఉన్నాయి రెండూ. రోనా రాకపోయి ఉంటే ఇంత భయపడేదాన్నా? రోనా వికారంగా ఉండి, పిల్లకి నచ్చకపోయి ఉంటే? నా మనసు నాకే అసహ్యమేసింది. అలాంటి మనసులోంచి వచ్చే మాట చెల్లదనుకున్నాను. పొద్దున్నే బండి మోగేది. కిటికీలోంచి చూస్తే రోనా వెనక, రోనా నడుం పట్టుకుని, హెల్మెట్ లేకుండా నా కూతురు. మొదటి గేటు దాటాక ఇద్దరూ చోట్లు మార్చుకునేవాళ్ళు. నాకు కనపడదనుకునేవాళ్ళు. నేను కిటికీ ముందు గిన్నె తుడుస్తూ నిలబడేదాన్ని. ఆ గిన్నె ఎప్పుడో ఆరిపోయి ఉండేది.

బడి సెలవుల్లో ఒక పూట టీ ఫ్లాస్కూ, గుడ్డు పెట్టిన రొట్టెలూ తీసుకుని నడిచి కొండెక్కాను. రాత్రి వాన పడింది, గడ్డి జారుతోంది. రోనా గేటు దగ్గర మోకాళ్ళ మీద ఉంది. గొర్రె ఈనలేక ఇబ్బంది పడుతోంది, రోనా చేయి మోచేతిదాకా దాని లోపల ఉంది. "బ్రైడీ! తాడు పట్రా!" అని అరిచింది. అవతలి వాలు మీంచి బ్రైడీ బండి మీద వస్తోంది. ముందు డబ్బాలో రెండు గొర్రెపిల్లలు. కింద కాలవ. వాలుకి అడ్డంగా వస్తూ ఒక గడ్డి దుబ్బు ఎక్కించింది. పైవైపు చక్రాలు రెండూ నేల విడిచాయి. బండి అలా ఒరిగి ఆగింది. నా కూతురు ఒళ్ళు వంచింది, బాగానే వంచింది, నేర్పినట్టే. బండికి తెలియలేదు. నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. తర్వాత ఎందుకో, గాలో, డబ్బాలో గొర్రెపిల్లలు పైవైపుకి జరిగాయో, చక్రాలు దభీమని నేలకి దిగాయి. బండి నాలుగు కాళ్ళ మీద నిలబడింది.

"చూశావా రోనా అత్తా!" అని అరిచింది బ్రైడీ, పకపకా నవ్వుతూ.

ఆ క్షణంలో కూడా అది పిలిచిన పేరు నాకు గుచ్చుకుంది.

రోనా నవ్వలేదు. గొర్రెలోంచి తీసిన చేత్తో తన మెడ కింద ఎముక పట్టుకుని ఉంది. పసుపు వానకోటు మీద నెత్తురు మరక పడింది. నేను వెళ్ళి బ్రైడీని దింపి, తాళం తీసి జేబులో వేసుకుని, ఆ గొర్రెపిల్లల్ని నడిచి వెళ్ళి పాకలో వదిలి రమ్మన్నాను. అది గొణుక్కుంటూ వెళ్ళింది. రోనా మళ్ళీ వంగి కష్టపడుతున్న గొర్రె కడుపులోంచి పిల్లని లాగింది, ముక్కు తుడిచింది, అది ఊపిరి తీసుకునేదాకా రుద్దింది. అప్పుడు అడిగాను.

"ఎంతసేపున్నావు దాని కింద?"

"దేని కింద?"

"టర్నిప్ చేలో."

చేతులు గడ్డికి తుడుచుకుంది. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు ఆ మాట," అంది. "మధ్యాహ్నం పడ్డాను. నాన్న టార్చి వేసుకుని వచ్చాడు."

"అరవలేదా?"

"రొమ్ము మీద బండుంటే ఎలా అరుస్తావు? నేను నాన్నతో ఉన్నానని అమ్మ అనుకుంది. అమ్మ దగ్గరున్నానని నాన్న అనుకున్నాడు."

"మరి గొర్రెపిల్ల..."

"చచ్చిపోయింది. నాన్న రావడానికి చాలాసేపటి ముందే. చంకలో చల్లబడిపోవడం తెలుస్తోంది నాకు. అయినా ఏమీ కాలేదని నవ్వుతూ చెప్పాను. ఏడిస్తే బండి తీసుకుని డూగల్‌కి ఇచ్చేసేవాడు. నన్ను వంటింట్లోకి తోసేవాడు." 'నువ్విప్పుడున్న చోటికి' అనలేదు గానీ ఇద్దరికీ వినబడింది.

"అన్నీ తెలిసి మరి దానికెందుకు నేర్పావు?"

రోనా అప్పుడే పుట్టిన గొర్రెపిల్లని తల్లి మూతి దగ్గరికి జరిపింది. "అది నన్ను చూసే చూపు చూశావుగా లినెట్. నన్నెవరూ అలా చూడలేదు."

"ఇదంతా ఇంట్లో చెప్పు. నేను చెబితే కుళ్ళంటారు."

"చెప్పను. ఆ ఇంట్లో నాకున్న చోటు ఆ కథొక్కటే."

కోపం రాలేదు నాకు. ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది ఈ మనిషిని చూసా అనుకున్నాను. అనుకున్నాను గానీ, కుళ్ళు మాత్రం తగ్గలేదు. నా కూతురు ఆవిడని చూసే చూపు అలాగే ఉంది కదా.

బ్రైడీ పాక నుంచి తిరిగొచ్చాక ముగ్గురం నడిచి దిగాం. పెరట్లో డూగల్ కంచె తీగ చుట్ట విప్పుతున్నాడు. "బండేదీ?"

"కొండ మీదుంది. తాళం నా దగ్గరుంది. నీకు కావాల్సినప్పుడు అడుగు, ఇస్తాను. పనయ్యాక మళ్ళీ నా చేతికివ్వు. బ్రైడీ ఇక దాన్ని ఎక్కదు. తోలదు, వెనకా కూర్చోదు."

"గేట్లెవరు తీస్తారు?"

"దిగి నువ్వే తీసుకో."

"మళ్ళీ మొదలెట్టావా!" గట్టిగానే అన్నాడు, వంటింటి గుమ్మంలోకి వచ్చిన వాళ్ళమ్మకి వినబడేలా. "నీ కుళ్ళు పిల్ల మీద రుద్దకు."

"అవును, కుళ్ళే," అన్నాను.

అతను తీగ వదిలేశాడు. అది మళ్ళీ చుట్టుకుపోయింది.

"రోనా అంటే కుళ్ళు నాకు. పొద్దున్నే కొండ దాటి పోతుందే, ఎప్పుడొస్తావని ఎవరూ అడగరే, అందుకు కుళ్ళు. పిల్ల దాని నడుం పట్టుకుంటుందే, అందుకు. నువ్వన్నా కుళ్ళే డూగల్, చేతులు కడుక్కుని కూర్చుంటే నీ ముందుకి పళ్ళెం వస్తుంది. ఇవన్నీ ఉన్నాయి. నా తిప్పలు నేను పడతాను. కుళ్ళుబోతుదాన్ని అయినంత మాత్రాన నాకు కళ్ళు పోలేదు. ఇవాళ ఆ వాలులో బండి రెండు చక్రాల మీద నిలబడింది."

"హవ్వ! నోటితో ఒప్పుకునేది కూడానా ఇది?" అన్నారు అత్తగారు.

డూగల్ ఎప్పటిలాగే నవ్వు కోసం చెల్లెలి వైపు తిరిగాడు. రోనా తన బూట్లకేసి చూస్తూ నిలబడింది. ఆ నవ్వు ఎంతకీ రాలేదు. అతను మెల్లిగా మళ్ళీ తీగ అందుకున్నాడు.

బ్రైడీకి అప్పటికి అర్థమైంది. మొహం ఎర్రబడింది. "నువ్వంటే నాకు అసహ్యం! నాకు రోనా అత్త అమ్మైతే బాగుండేది!" అని, పోయి రోనా నడుం చుట్టుకుని ఆ నెత్తుటి కోటులో తల దూర్చింది. రోనా చేయి దాని తల నిమరబోయి గాల్లో ఆగింది. నా వైపు చూసింది.

"దగ్గరికి తీసుకో," అన్నాను. "ఏడుస్తోంది."

తీసుకుంది. నేను కోసిన ఆ జుట్టులో వేళ్ళు పెట్టి నిమిరింది. నాకు నిలువునా మండింది. మండనిచ్చాను. పిల్ల రెండు కాళ్ళూ నేల మీదున్నాయి.