గుమ్మపాలకు తగిలిన దిష్టి

పిచ్చేశ్వరరావుగారికి పెదపారుపూడి పక్క పల్లెలో ఉన్నవి మూడు గేదెలు. గొప్పలు మాత్రం ముప్పై గేదెలకు సరిపడా ఉన్నాయి. పొదుగు కింద గ్లాసు పెట్టి, వెచ్చటి నురగతో అక్కడికక్కడే తాగే గుమ్మపాలంటే ఆయనకి ప్రాణం. కాచిన పాలు రోగిష్టివాళ్లకట. పెళ్లైన దగ్గర్నుంచీ ఆ ఉపన్యాసం వింటూనే పొయ్యిమీద పాలు కాచుకుంటోంది ఆయన భార్య రాజ్యలక్ష్మి.

ఎండాకాలం చివర్లో పెద్ద గేదె నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. చచ్చిన దూడ పడింది గానీ మాయ పడలేదు. ఈయనగారు చొక్కా విప్పి, మోచేతిదాకా చెయ్యి పెట్టి లాగేశారు. "డాక్టరు దేనికే, నేను లేనూ!" అంటూ ఆ చేతుల్ని కాస్త గడ్డికి తుడుచుకుని మీసం దువ్వుకున్నారు. ఛీ! తలుచుకుంటే రాజ్యలక్ష్మికి ఇప్పటికీ అన్నం సయించదు.

రాజ్యలక్ష్మి కబురు పెడితే పశువుల డాక్టరు వచ్చి, మిగతా గేదెలకీ రక్తపరీక్ష చేయించమన్నాడు. ఇలా ఈసుకుపోయే జబ్బు పచ్చిపాలలోంచి మనుషులకీ వస్తుందనీ, కడుపుతో ఉన్నవాళ్లకైతే కడుపు పోవచ్చనీ అన్నాడు. ఈయన నవ్వి పంపేశారు. కారణం ఆయనకి ముందే తెలుసట. దిష్టి! ఎవరిదయ్యా అంటే, రోజూ పాలకొచ్చే వెనక వీధి సంతోషమ్మది. గిన్నె పట్టుకుని నిలబడి "గేదె ఎంత కళగా ఉందండీ" అంది, పాపం. ఆమెకి రెండుసార్లు కడుపు పోయింది కాబట్టి ఆ కన్ను మంచిది కాదట. వీధిలో నలుగురి ముందూ ఆ మాట అనేసి, గేటుకి పాత చెప్పు కట్టారు. సంతోషమ్మ మళ్లీ పాలకి రాలేదు.

ఆ తర్వాత ఈయనకి జ్వరం పట్టుకుంది. సాయంత్రమైతే ఒళ్లు కాలిపోవడం, తెల్లారేసరికి చెమటలు, నడుం పట్టేయడం. "వేడి చేసిందే" అని మజ్జిగ మీద మజ్జిగ తాగారు. రాజ్యలక్ష్మి గుడివాడ లాక్కెళ్లి రక్తం తీయిస్తే, పశువుల నుంచి అంటిన జబ్బని తేలింది.

"గొడ్డు రోగం నాకు రావడమేంటండీ? నేను గొడ్డునా?" అని డాక్టరు మీదే ఎగిరారు.

జవాబు రాజ్యలక్ష్మి నాలిక చివరిదాకా వచ్చింది. పరాయివాళ్ల ముందు బాగుండదని మింగేసింది.

జ్వరం కాస్త తగ్గగానే ఆయన మాత్రలు మానేసి మళ్లీ గ్లాసు పట్టారు. ఇంతలో పెడన నుంచి కూతురు హర్షిణి కడుపుతో వచ్చింది.

"రేపట్నుంచి నీకు పొద్దున్నే గుమ్మపాలు తల్లీ! పిల్లాడు పోతపోసినట్టు పుడతాడు."

రాజ్యలక్ష్మి అడ్డుపడింది. "కడుపు నిలవదండీ, మీకు దణ్ణం పెడతాను" అంది. "నోర్ముయ్, నన్ను పెంచినవి ఈ పాలే" అన్నారాయన. కూతురికి చెప్తే, "ఒక్క గ్లాసేగా అమ్మా, వద్దంటే నాన్న చిన్నబుచ్చుకుంటారు" అంది. తండ్రికి తగ్గ కూతురు! రాజ్యలక్ష్మి సిగ్గు చంపుకుని ఆ సాయంత్రమే వెనక వీధికి వెళ్లింది.

మర్నాడు పొద్దున పాక దగ్గర ఆయన నురగలు పొంగే గ్లాసు కూతురికి అందిస్తుండగా, గేటు దగ్గర సంతోషమ్మ నిలబడింది.

"అబ్బబ్బ, ఏం నురగండీ! అమ్మాయిగారికేనా? ఎంత అదృష్టమండీ!" అంది, కళ్లు ఇంతింత చేసుకుని.

పిచ్చేశ్వరరావుగారి మొహం మాడిపోయింది. గ్లాసు చటుక్కున లాక్కుని పేడకుప్ప మీద కుమ్మరించారు. "వద్దులేమ్మా, ఇవాళ్టికి లోపల కాచినవే తాగు" అన్నారు. చదువుకున్న డాక్టర్లిద్దరు మొత్తుకున్నా ఎక్కని బుర్రకి, చచ్చు దిష్టి చిటికెలో ఎక్కింది!

వెళ్లిపోతున్న సంతోషమ్మ వెనకే రాజ్యలక్ష్మి పరుగెత్తి, సందు మలుపులో ఆమె చేతులు పట్టుకుంది.

"నా బంగారు తల్లివే. రేపూ రావాలి."

"వస్తానండీ" అంది సంతోషమ్మ. "నా కన్ను పడితే కడుపులు పోతాయన్నారుగా అయ్యగారు. ఇవాళ నా కన్ను పడబట్టే అమ్మాయిగారి కడుపు నిలబడింది. ఆ మాట కూడా వీధిలో నలుగురి ముందూ అంటారా అక్కగారూ?"

రాజ్యలక్ష్మి తల దించుకుంది. ఆయనకి ఆ దిష్టి భయం పోతే గ్లాసు మళ్లీ హర్షిణి చేతికొస్తుంది. కాన్పయ్యేదాకా ఆ మాట అనడానికి వీల్లేదని ఇద్దరికీ తెలుసు.